పోయ్, పలుసామి, కూలోలో: చేమదుంప రుచి మరగాలంటే ముందు ఏది?

చేమదుంపని ఉడికించి దంచి నీళ్ళు కలిపి చేసే ముద్దే పోయ్. హవాయి వెళ్ళొచ్చిన మనవాళ్ళని అది ఎలా ఉందని అడిగి చూడండి, చాలామంది మొహం చిట్లించి "చప్పగా, జిగురుగా ఉంది" అంటారు. వాళ్ళని అని లాభం లేదు. టూరిస్టుల విందుల్లో ఓ చిన్న కప్పులో పోసి విడిగా పెట్టేస్తారు, దాన్ని చెంచాతో ఒట్టిగా తిని చూస్తే ఎవరికి నచ్చుతుంది? రాగి సంగటిని పులుసు లేకుండా ఒట్టిగా నోట్లో పెట్టి ఎలా ఉందో చెప్పమంటే మనం మాత్రం ఏం చెప్తాం? పోయ్ అక్కడివాళ్ళకి సంగటి లాంటిది. పక్కన ఉప్పగా ఉండే కలువా (నేలలో తవ్విన గుంతపొయ్యిలో మగ్గబెట్టిన) పంది మాంసమో, ఉప్పు చేపలో టమాటా, ఉల్లిపాయ కలిపిన లోమి సాల్మనో ఉండాలి. వేలితో కాస్త పోయ్, వెంటనే కాస్త ఉప్పటి ముక్క, అలా తింటే దుంపలోని సన్నటి తీపి అప్పుడు తెలుస్తుంది.

అయినా మొదటిసారి తినేవాళ్ళకి నేను పోయ్ చెప్పను. పలుసామి చెప్తాను. ఇది పసిఫిక్ దీవుల్లోని సమోవా వంట. లేత చేమాకుల్లో చిక్కటి కొబ్బరిపాలు, ఉల్లిపాయ, ఉప్పు పోసి పొట్లం కట్టి, కాల్చిన రాళ్ళ పొయ్యిలో మగ్గనిస్తారు. ఆకు వెన్నలా మెత్తబడి కొబ్బరిపాలలో కలిసిపోతుంది. చేమాకు, కొబ్బరి రెండూ మనకి కొత్త కాదు కాబట్టి నాలుక ఎదురు తిరగదు. మనం దురద పోవడానికి చింతపండు వేస్తాం, వాళ్ళు ఎక్కువసేపు ఉడికించి దురద పోగొడతారు. సరిగ్గా ఉడక్కపోతే గొంతు పట్టేస్తుంది, ఇంట్లో చేసేటప్పుడు తొందరపడకండి. ఒక్క జాగ్రత్త, కొన్నిచోట్ల ఇందులో టిన్ను గొడ్డుమాంసం కూడా వేస్తారు, తిననివాళ్ళు ముందే అడగాలి. హవాయి లౌలౌలో కూడా చేమాకే, కానీ లోపల పంది మాంసం, చేప ఉంటాయి.

కూలోలో అందరికీ నచ్చుతుంది. తురిమిన చేమదుంప, కొబ్బరిపాలు, చక్కెర కలిపి గంటల తరబడి ఉడికిస్తే గోధుమరంగులో గట్టిగా సాగే మిఠాయి అవుతుంది. పిల్లలకి బాగుంటుంది. కానీ రుచి మరగడానికి ఇది పనికిరాదని నా అభిప్రాయం, తీపి ముందు దుంప ఆనవాలు పట్టదు.

పలుసామి అలవాటయ్యాక పోయ్ కంటే ముందు పయి ఆయ్ దొరికితే వదలొద్దు. ఉడికించిన దుంపని చెక్క పలక మీద రాతి రోకలితో దంచుతారు, అంటుకోకుండా చెయ్యి తడి చేసుకుంటూ మడతపెట్టి మళ్ళీ దంచుతారు తప్ప నీళ్ళు పోసి పలుచన చెయ్యరు. బూడిద కలిసిన ఊదారంగులో గట్టి ముద్దలా ఉంటుంది. ఆరోగ్య శాఖ నిబంధనల వల్ల ఇలా చేత్తో దంచినది అమ్మడం కష్టంగా ఉండేది, 2011లో హవాయి చట్టం చేసి కొన్ని షరతులతో అనుమతించింది. ఆ చట్టం రావడం చాలా మంచిదయింది, ఎందుకంటే మెషీన్ పోయ్‌లో ఈ నిండుదనం ఉండదు. పయి ఆయ్‌కి నీళ్ళు కలిపితేనే పోయ్. ఒక వేలితో తీసుకోగలిగితే చిక్కటిది, మూడు వేళ్ళు కావాల్సొస్తే పలచటిది.

మనింట్లో దొరికే చిన్న చేమదుంపలతో ఇది చెయ్యబోకండి, వాటికి జిగురెక్కువ. అక్కడివి పెద్ద దుంపలు, పిండిగా ఉంటాయి.

ఇంకో మాట, అక్కడివాళ్ళ ముందు పోయ్‌ని వెక్కిరించకండి. హవాయివాళ్ళ కథలో పుట్టగానే పోయిన మొదటి బిడ్డని పాతిపెట్టిన చోట చేమ మొక్క మొలిచింది, తర్వాత పుట్టిన తమ్ముడి నుంచి మనుషులు వచ్చారు. అంటే అది వాళ్ళకి అన్న. పోయ్ గిన్నె మూత తీశాక పోట్లాడుకోకూడదని పెద్దలు చెప్తారు.

తాజాదా, పులిసిందా అంటే మొదట్లో తాజాదే. బయట రెండు మూడు రోజులుంచితే పెరుగుని పులియబెట్టే జాతి బ్యాక్టీరియానే దీన్నీ పులియబెడుతుంది, అలవాటుపడ్డవాళ్ళు ఆ పులుపు కోసమే ఆగుతారు, చేపతో అదే బాగుంటుంది కూడా. సంచిలో కొన్నది కాసిని నీళ్ళు పోసి పిసికి ఉండలు లేకుండా చేసి, గిన్నెలోకి తీసి, పైన పలచగా నీళ్ళు నిలబెట్టండి, పొర కట్టదు. మరీ పులిసిందనిపిస్తే పారెయ్యకుండా కొత్త పోయ్ కలిపెయ్యండి.