ఎండీవర్‌కి బయానా ఇచ్చే ముందు కింద పరిచిన మ్యాట్ పీకి చూడండి

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు సెకండ్ హ్యాండ్‌లో ఫోర్డ్, షెవర్లే బండ్లు చూస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ముఖ్యంగా ఫోర్డ్ ఎండీవర్ మీద మనసు పడ్డవాళ్ల కోసం. రేటు కలిసొచ్చిందని 17.5 లక్షలు పెట్టి, రెండు రోజులు నీళ్లలో మునిగి ఉన్న బండిని ఇంటికి తెచ్చుకున్నాను. ఇందులో తయారుచేసిన కంపెనీ తప్పేమీ లేదు. సగం తప్పు అమ్మినవాడిది, మిగతా సగం నాది. నాకు బండి అమ్మిన కన్సల్టెన్సీ, అంటే పాత బండ్ల డీలర్, పేరు రాయను, కేసు వేశాను కాబట్టి. పేరు తెలిసినా పెద్ద లాభం లేదు, ఇలాంటి వ్యాపారం ఒక్క షెడ్డులోనే జరగడం లేదు.

నా పిచ్చి ముందు చెప్పాలి, లేకపోతే ఇంత చదువుకున్నవాడు ఎలా మోసపోయాడని అడుగుతారు. మా మేనమామ 2001లో ఫోర్డ్ ఐకాన్ కొన్నాడు. నర్సంపేట రోడ్డులో ఆయన తోలుతుంటే వెనక సీటు మధ్యలోంచి తల బయటపెట్టి స్పీడోమీటర్ ముల్లు చూడటమే నా పని. ఆ తర్వాత ఊళ్లో పెళ్లికైనా, మేడారం జాతరకైనా షెవర్లే టవేరానే. నేను ఉద్యోగంలో చేరాక కొన్న మొదటి కారు 2011 ఫోర్డ్ ఫిగో డీజిల్. 1,60,000 కిలోమీటర్లు తిప్పాను. ఒక క్లచ్, కొంత సస్పెన్షన్ పని, అంతే, ఇంజన్ విప్పలేదు. ఆ స్టీరింగ్ బరువు, డోర్ వేసినప్పుడు వచ్చే చప్పుడు గురించి మా ఆవిడ దగ్గర ఎంత చెప్పానంటే, ఇప్పటికీ ఎవరింట్లో తలుపు గట్టిగా పడినా "ఫోర్డా?" అంటుంది.

ఫోర్డ్, షెవర్లే, జీప్ అంటే అమెరికన్ బండి అంటాం కానీ అందులో అమెరికా ఎంతో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. టవేరా మూలం జపాన్ ఇసుజు. మనం చూసే ఎండీవర్‌ని రేంజర్ పికప్ చట్రం మీద ఆస్ట్రేలియాలో డిజైన్ చేశారు, బయటి దేశాల్లో దాని పేరు ఎవరెస్ట్. జీప్ కంపాస్ డీజిల్ ఇంజన్ ఇటలీ ఫియట్‌ది, బండి తయారయ్యేది పూణే దగ్గర రంజన్‌గావ్‌లో. అయినా బ్యాడ్జి చూస్తే మనసు ఆగదు. ఈ బలహీనత అమ్మేవాళ్లకు మనకంటే బాగా తెలుసు.

ఇక రేటు ఎందుకు పడిందో అందరికీ తెలిసిందే. షెవర్లే 2017 చివరితో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది, హాలోల్ ఫ్యాక్టరీలో ఇప్పుడు ఎంజీ బండ్లు తయారవుతున్నాయి. ఫోర్డ్ 2021 సెప్టెంబర్ 9న మన దేశంలో తయారీ ఆపుతున్నామని ప్రకటించింది, సనంద్ ప్లాంట్ టాటా చేతికి పోయింది. కొత్తవి రావు, దగ్గర్లో షోరూమ్ ఉండదు, భయపడి జనం అమ్ముకుంటారు. పెద్ద బండి చిన్న రేటుకు దొరుకుతుంది. అసలు చిక్కంతా దగ్గర్లో షోరూమ్ లేకపోవడంతోనే. ఇన్నోవా అయితే కొనే ముందు పక్క సందులో ఏ మెకానిక్కైనా పది నిమిషాల్లో కంత చెప్పేస్తాడు. ఎండీవర్ లోపలికి తొంగి చూసిన చెయ్యి మన ఊళ్లో దొరకడమే కష్టం. మునిగిన బండిని, మీటర్ తిప్పిన బండిని అంటగట్టడానికి ఇంతకంటే మంచి మోడల్ ఏముంటుంది?

2024 నవంబర్‌లో చూశాను నా బండి. 2017 మోడల్, 3.2 లీటర్ ఐదు సిలిండర్ల డీజిల్, ఫోర్ వీల్ డ్రైవ్, టీఎస్ 03 రిజిస్ట్రేషన్, మీటర్ 81,000. తెలుపు రంగు, గీత లేదు. లోపల కొత్త సీట్ కవర్లు, నేలంతా అతికించిన 7డీ మ్యాట్, మల్లెపూల సెంటు. "డాక్టర్ సార్ బండి అన్నా. దవాఖాన, ఇల్లు తప్ప యాడికి పోలె. సింగిల్ ఓనర్" అన్నాడు కన్సల్టెన్సీవాడు. నీళ్లలో గానీ నిలబడిందా అని అడిగాను, అబద్ధమెందుకు, మాటవరసకే అడిగాను. "గీ బండికి నీళ్లతోని ఏమైతదన్నా, 800 ఎంఎం నీళ్లల్ల పోతది గదా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. 800 మిల్లీమీటర్ల సంగతి వాడికంటే ముందు నాకు తెలుసు, ఆ గర్వంలో వాడు జవాబు చెప్పలేదన్న సంగతి గమనించలేదు.

పైగా ఫోర్డ్ మళ్లీ వస్తోంది, రీసేల్ పెరుగుతుంది అని ఇంకో మాట వేశాడు. 2024 సెప్టెంబర్‌లో ఫోర్డ్ తమిళనాడు ప్రభుత్వానికి లేఖ ఇచ్చిన మాట నిజమే. కానీ అది చెన్నై ప్లాంట్‌ని ఎగుమతుల కోసం వాడుకుంటామని. మనకు బండ్లు అమ్ముతామని కాదు. ఈ మాట చెప్పి రేటు పెంచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మూడు వారాలు బాగానే తిరిగింది. నాలుగో ఆదివారం పిల్లలతో లక్నవరం బయలుదేరాం. ములుగు దాటాక డ్యాష్‌బోర్డు బతుకమ్మలా వెలిగింది. ఎయిర్‌బ్యాగ్ లైటు, ఫోర్ వీల్ డ్రైవ్ లైటు, ఏబీఎస్ లైటు. గేరు మారడం మానేసింది. తెలిసినవాళ్ల జీపులో పిల్లల్ని ఇంటికి పంపి, బండిని ట్రక్కు మీద వేయించి హనుమకొండ తెచ్చేసరికి రాత్రి పదకొండు.

మరునాడు 7డీ మ్యాట్ కోసి తీశాం. కింద కార్పెట్ ఎత్తగానే ముక్కిన వాసన గుప్పుమంది, సెంటు వాసనకు అర్థం అప్పుడు తెలిసింది. వైరింగ్ కనెక్టర్లు విప్పితే రాగి పిన్నులకు పచ్చగా చిలుము. సీటు పట్టాల బోల్టులు తుప్పు. డ్రైవర్ సీటు బెల్టు చివరి దాకా లాగితే, రోజూ మనం లాగని ఆ చివరి జానెడు మీద బురద చార. ఎవరూ కడగని చోటు అదొక్కటే.

చదివేవాళ్లకు ఒక సందేహం రావచ్చు. 800 మిల్లీమీటర్ల నీళ్లలో పోయే బండి నీళ్లకు ఎందుకు పాడవుతుంది? ఆ లెక్క వాగు దాటడానికి, అదీ మెల్లగా, కొద్ది నిమిషాల్లో. జంపన్న వాగు దాటడం వేరు, ఆపి ఉన్న బండి చుట్టూ మురికి నీళ్లు రెండు రోజులు నిలబడటం వేరు. నిలబడితే డోర్ రబ్బర్లలోంచి మెల్లగా లోపలికి ఊరుతుంది. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ గేర్ కన్సోల్ కింద నేలకు ఆనుకునే ఉంటుంది, వైరింగ్ కార్పెట్ కిందే పోతుంది. ఎండబెడితే ఆరిపోతుంది, స్టార్ట్ అవుతుంది, నెలల తర్వాత చిలుము తన పని తాను చేస్తుంది. అందుకే వెంటనే అమ్మేస్తారు.

హైదరాబాద్ తీసుకెళ్లాను. ఛాసిస్ నంబర్‌తో సర్వీస్ రికార్డు తీయించాను. చివరిసారి సర్వీసుకు వచ్చింది 2021 జూన్‌లో, అప్పటికే 1,42,000 కిలోమీటర్లు. నా మీటర్ 81,000. స్కానర్ పెట్టినవాడు ఇంకో మాడ్యూల్‌లో దాచిన అసలు లెక్క కూడా చూపించాడు. మీటర్ డయల్ ఒక్కదాన్నే తిప్పారన్నమాట, రెండో చోట తిప్పడానికి ఓపిక లేకపోయింది.

మొదటి ఓనర్‌ని పట్టుకున్నాను. డాక్టర్ కాదు, గ్రానైట్ కాంట్రాక్టరు. మంచాయన, దాచలేదు. 2023 జులై వానలకు కాలనీలోకి నీళ్లొచ్చి బండి రెండు రోజులు మునిగిందట. మన దగ్గర రిపేర్ ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువలో) 75 శాతం దాటితే ఇన్సూరెన్స్‌వాళ్లు టోటల్ లాస్‌గా లెక్క కట్టి డబ్బు ఇచ్చేస్తారు. ఆయనకూ అలాగే ఇచ్చి బండి తీసుకుపోయారు, అది వేలంలో అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు పేరు మార్చుకోలేదు. ఆయన సంతకం చేసిన ఖాళీ పేరు మార్పిడి కాగితాలు, ఫారం 29, ఫారం 30, చేతులు మారుతూ వచ్చి నా దగ్గర ఆగాయి. సింగిల్ ఓనర్ అన్నమాట నిజమే, ఆర్‌సీలో.

ఇప్పటికి రిపేరుకు 2.9 లక్షలు అయింది. మామూలు స్పేర్లకు పెద్ద బాధ లేదు. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరుకుతాయి. ఎలక్ట్రానిక్ ముక్కలతోనే గొడవ, ఒకదాని కోసం 5 వారాలు ఆగి చివరికి ఢిల్లీ నుంచి పాతది తెప్పించాను.

ఈ మధ్యలో ఇంకో గండం తప్పింది, అదీ చెప్పాలి. 3.2, 2.2 ఎండీవర్లు ఉన్నవాళ్లు ఈ పేరా మీ మెకానిక్‌కి చదివి వినిపించండి. ఊళ్లో ఒక షెడ్డులో ఆయిల్ మార్పించడానికి ఇచ్చాను. డ్రెయిన్ బోల్టు విప్పి ఆయన చేతులు తుడుచుకుంటున్నాడు. ఎక్కడికి అంటే, "ఆయిల్ మొత్తం కారాలె సార్, అన్నం తినచ్చేటాల్లకు సుక్క లేకుండ దిగుతది" అన్నాడు. పాపం, మంచి ఉద్దేశమే, ఏ బండికైనా అలాగే చేస్తాడు. కానీ ఈ ఇంజన్లలో పాత ఆయిల్ దించాక 10 నిమిషాల్లోపు కొత్త ఆయిల్ పోయాలి. ఆలస్యమైతే ఆయిల్ పంపు లోపల ఖాళీ అయిపోయి, స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ లాగదు. ఆయిల్ లేకుండా తిరిగిన ఇంజన్ జామ్ అవుతుంది. ఆయన్ని ఆపి, ఇంజన్ దగ్గర నిలబెట్టి, డబ్బాలు నేనే విప్పాను. ఆ రోజు ఆయన అన్నం ఆలస్యమైంది, కోపం కూడా వచ్చింది. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్ పెట్రోల్ ఉన్నవాళ్లకు ఇలాంటిదే ఇంకోటి: దాని టైమింగ్ బెల్టు ఇంజన్ ఆయిల్‌లోనే తిరుగుతుంది, దొరికిన ఆయిల్ ఏదో ఒకటి పోస్తే బెల్టు పొట్టు రాలుతుంది.

ఇప్పుడు చూడబోయేవాళ్లకు. బయానా ఇవ్వకముందే 7డీ మ్యాట్ ఒక మూల పీకనివ్వమనండి. ఒప్పుకోకపోతే అక్కడితో లేచి వచ్చేయండి, టీ కూడా తాగకండి. అన్ని సీట్ల బెల్టులూ చివరిదాకా లాగండి. హెడ్‌లైట్లలో ఆవిరి చార ఉందా చూడండి. పొద్దున్నే వెళ్లి తలుపులు మూసిన బండిలో మొదట మీరే కూర్చోండి, సెంటు కొట్టకముందు.

కాగితాల్లో నేను వదిలేసింది పాత ఇన్సూరెన్స్. గత మూడేళ్ల పాలసీలు అడగండి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 20, 25, 35, 45, 50 శాతంగా ఏటా పెరుగుతూ పోవాలి. మధ్యలో సున్నాకి పడితే ఆ ముందు ఏడాది క్లెయిమ్ జరిగిందేమోనని అనుమానించాలి, ఎందుకో అడగండి. నా బండికి 2023 జులై తర్వాత తొమ్మిది నెలలు అసలు పాలసీయే లేదు. రోజూ దవాఖానకు పోయే డాక్టరు తొమ్మిది నెలలు ఇన్సూరెన్స్ లేకుండా తిరిగాడా అని నాకు తట్టలేదు. ఆర్‌సీలో పేరున్న మనిషితో మీరే ఫోన్లో మాట్లాడండి, కన్సల్టెన్సీవాడు కలిపిచ్చే ఫోన్ కాదు. పాత బండ్లు అమ్మే డీలర్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఆర్‌టీఓ అనుమతి ఉండాలి, ఆ కాగితం చూపించమనండి. నాకు అమ్మినవాణ్ని అడిగితే గోడ మీదున్న దేవుడి పటం చూపించాడు, నిజంగానే.

డీలర్ చెప్పే ప్రతి మాటా వాట్సాప్‌లో రాయించుకోండి. నాతో "ఉన్న బండి ఉన్నట్టు తీసుకున్నాను" అని బాండ్ పేపర్ మీద సంతకం పెట్టించుకున్నారు. దానికి ఎదురుగా నా దగ్గర మిగిలింది "మీటర్ జెన్యూన్ అన్నా" అన్న ఒక్క మెసేజ్. లాయర్ దాన్నే పట్టుకున్నాడు. ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చేశాను, తర్వాత జిల్లా కమిషన్‌లో కేసు వేశాను. కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే, రెండేళ్లలోపు వేయాలి, గుర్తుంచుకోండి.

ఇంత జరిగాక కూడా అమెరికన్ బండి వద్దంటావా అని మా తమ్ముడు అడిగాడు. అననురా అన్నాను. రిపేర్ అయ్యాక మొన్న ఏటూరునాగారం దాకా పోయొచ్చాను. ఆ ఐదు సిలిండర్ల గొంతు వింటే ఇంకా ఒళ్లు పులకరిస్తుంది. మంచి బండి దొరికితే, పక్కన 2 లక్షలు రిపేర్లకు పెట్టుకోగలిగితే, హైదరాబాద్ తిరిగే ఓపిక ఉంటే కొనుక్కోండి. షెవర్లే క్రూజ్ మాత్రం ఇంట్లో రెండో బండి ఉన్నవాళ్లే చూడండి, ఉద్యోగానికి దాన్నే నమ్ముకోవద్దు. కంపాస్ లెక్క వేరు, అది ఇంకా ఇక్కడే తయారవుతోంది.

నిన్న సాయంత్రం ఆ కన్సల్టెన్సీ ముందు నుంచి వచ్చాను. ఇంకో ఎండీవర్ నిలబడి ఉంది. 2018, బూడిద రంగు, అద్దం మీద సింగిల్ ఓనర్ అని తెల్ల పెయింటు. డోరు తెరిచి ఒక కుర్రాడు కొత్త 7డీ మ్యాట్ అతికిస్తున్నాడు. దాన్ని చూడ్డానికి వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, కట్టర్ తీసుకుని నేనూ వస్తాను.