వెనిస్ నుంచి కోటర్ వరకు: ప్రవేశ నిబంధనలు మలిచిన ఒక ప్రయాణం

ఇటలీలోని వెనిస్‌లో మొదలై ట్రియస్టే, స్లొవేనియా, క్రొయేషియాల మీదుగా మాంటెనెగ్రోలోని కోటర్ అఖాతం దాకా ఆడ్రియాటిక్ తీరం వెంబడి సాగే దారి యూరప్‌లో తప్పక చూడవలసిన వాటిలో ఒకటి. కొండలు, ద్వీపాలు, పాత కోట గోడల సంగతి చాలామంది రాశారు. ఈ దారికి ఇంకో ప్రత్యేకత ఉంది. గత మూడు నాలుగేళ్లలో ఇక్కడ ఒక సరిహద్దు తనిఖీ తొలగిపోయింది, ఒకటి తిరిగి వచ్చింది, మరొకటి మునుపటికన్నా గట్టిపడింది. ఆ మూడింటి ప్రభావమూ మేము ఎక్కడ ఎన్ని రాత్రులు ఉన్నామో, ఎలాంటి బసకు ఎంత చెల్లించామో, ఏ ఊరిని వదులుకున్నామో అన్నదాని మీద సూటిగా పడింది. ఈ అనుభవాలను అదే కోణం నుంచి రాస్తున్నాను.

షెంగెన్ అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తివేసుకుని, ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమి. ఆ వీసా కోరేవారు తాము ఎక్కువ రాత్రులు గడపబోయే దేశానికే దరఖాస్తు చేసుకోవాలి; రాత్రులు సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి చేసుకోవాలి. మా ప్రణాళిక మొత్తం ఈ ఒక్క నియమం చుట్టూనే తిరిగింది. ఇటలీకి దగ్గరి తేదీల్లో అపాయింట్‌మెంట్లు లేవు, క్రొయేషియాకు ఉన్నాయి. కనుక వెనిస్‌కు అనుకున్న రాత్రుల్లో సగం క్రొయేషియాలోని డాల్మేషియా తీరానికి మళ్లించి, నిజంగానే అక్కడే ఎక్కువ కాలం ఉండేలా ప్రయాణాన్ని మార్చుకున్నాము. వెనిస్ హోటల్ పోగొట్టుకున్న ఆదాయానికీ, ఆ తీరంలోని స్ప్లిట్ నగరంలో అపార్ట్‌మెంట్ యజమానికి వచ్చిన ఆదాయానికీ ఆ రెండు ఊళ్ల అందచందాలతో ఏ సంబంధమూ లేదు. నిబంధనలు కఠినమైతే పర్యాటకులు తగ్గిపోతారని అందరూ అంటారు గాని, తగ్గడం కన్నా ముందు జరిగేది ఈ మళ్లింపే.

2024 జూన్ 11 నుంచి పెద్దలకు షెంగెన్ వీసా రుసుము 80 యూరోల నుంచి 90 యూరోలకు పెరిగింది. చర్చంతా ఈ పెంపు మీదే జరుగుతుంది కాని, అసలు భారం అక్కడ లేదు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్స్, రానుపోను టికెట్ల వివరాలు, ప్రతి రాత్రికీ బస చూపే బుకింగ్ కాగితాలు ముందే సిద్ధం చేయాలి. వీసా వస్తుందో రాదో తెలియదు కనుక రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చే గదులనే తీసుకోవాలి. వాటి ధర అదే హోటల్‌లో రద్దు వీలులేని గదికన్నా సాధారణంగా ఎక్కువే ఉంటుంది. ప్రయాణం పొడవునా ఆ తేడాను కూడితే వీసా రుసుమును మించిపోయింది. రద్దు సౌకర్యం ఇవ్వలేని చిన్న బసలు మా జాబితాలోకే రాలేదు. కుటుంబాలు నడుపుకునే గదులు వెనకబడి పెద్ద హోటళ్లు లాభపడటానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

దరఖాస్తులు తీసుకునే కేంద్రం గురించి ఒక మాట. అక్కడి సిబ్బంది మర్యాదగానే ఉన్నారు, పని కూడా వేగంగానే జరిగింది. అయితే ప్రత్యేక లౌంజ్, ఫోన్‌కు సందేశాలు, ఇంటికి కొరియర్ అంటూ అదనపు సేవలను వరసగా అంటగట్టే ప్రయత్నం చేశారు. వాటిలో కొరియర్ తప్ప ఏదీ అవసరం లేదు. దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే ఇవ్వవచ్చు, 15 రోజుల ముందు వరకే తీసుకుంటారు. ఈ ఆరు నెలల వెసులుబాటును వాడుకున్నవారికి లౌంజ్‌తో పని ఉండదు.

వెనిస్ మార్కో పోలో విమానాశ్రయంలో కొత్త ప్రవేశ నిష్క్రమణ వ్యవస్థను మొదటిసారి చూశాము. ఈఈఎస్ అని పిలిచే ఈ పద్ధతి 2025 అక్టోబర్ 12న మొదలై దశలవారీగా అన్ని షెంగెన్ బయటి సరిహద్దులకూ విస్తరించింది. పాస్‌పోర్టు మీద ముద్ర వేయడం పోయి ముఖచిత్రం, వేలిముద్రలు, వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ కంప్యూటర్‌లో నమోదు కావడం వచ్చింది. ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించి ఉండకూడదన్న పాత నియమాన్ని ఇంతకాలం అధికారి ముద్రలు వెతికి లెక్కపెట్టేవాడు, ఇప్పుడు ఆ లెక్కను యంత్రమే చూపిస్తుంది.

ఇందులో ఒక వింత ఉంది. వీసా తీసుకున్నవారి వేలిముద్రలు వీసా సమాచార వ్యవస్థలో ముందే ఉంటాయి కనుక వాటిని సరిచూసి, ముఖచిత్రం ఒక్కటే కొత్తగా తీస్తారు. వీసా అక్కరలేని దేశాలవారి నుంచి మాత్రం మొదటి రాకలో నాలుగు వేళ్ల ముద్రలనూ కొత్తగా తీసుకోవాలి. మా ముందున్న వృద్ధ దంపతులు ఆ రెండో కోవకు చెందినవారు. ఆవిడ వేళ్లు పొడిబారి ఉండటంతో గాజు పలక మీద ముద్ర పడలేదు. అధికారి తడి కాగితం ఇచ్చాడు, వేళ్లు తుడిపించాడు, మరికాస్త గట్టిగా నొక్కమని సైగ చేశాడు, చివరకు రెండో చేతితో ప్రయత్నించాక యంత్రం ఒప్పుకుంది. వారి వెనుక వరస అంతా అలాగే నిలబడిపోయింది. నెలల తరబడి కాగితాలు పోగుచేసిన మేము, మా వంతు వచ్చాక ఎక్కడ ఉంటారన్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి బయటపడ్డాము.

వెనిస్‌లో బస ద్వీపం మీద కాకుండా, ఇవతలి ఒడ్డున ఉన్న మెస్త్రేలో తీసుకున్నాము. ద్వీపంలోని గదులతో పోలిస్తే ధర తక్కువ, రైలు పది పన్నెండు నిమిషాలు. ఎంపిక చేసిన తేదీల్లో రాత్రి బస లేకుండా వచ్చి పోయేవారి నుంచి వెనిస్ నగరం 2024 ఏప్రిల్ 25 నుంచి ప్రవేశ రుసుము వసూలు చేస్తోంది. మెస్త్రే కూడా వెనిస్ నగరపాలక పరిధిలోనిదే కనుక అక్కడ బస చేసేవారికి మినహాయింపు ఉంది, అయితే దానికోసం ఆన్‌లైన్‌లో ముందే నమోదు చేసుకోవాలి. దేశం దాటి వచ్చాక ఊరికి కూడా ప్రవేశ పత్రం కావలసి రావడం కొంత చికాకు కలిగించినా, ఆ పని పూర్తి కావడానికి పెద్దగా సమయం పట్టలేదు.

ట్రియస్టేలో ఒక రాత్రి చాలు. అక్కడి నుంచి రైలులో గోరిజియా చేరి, అవతల స్లొవేనియాలోని నోవా గోరిజాకు నడిచి వెళ్లడం మాత్రం మానకూడదు. నోవా గోరిజా రైల్వే స్టేషన్ ముందున్న చౌకు రెండు దేశాలదీను. నేల మీది గుండ్రని ఫలకమే సరిహద్దు గుర్తు. ఇక్కడి కంచెను 2004లో తీసేశారు, 2020లో కోవిడ్ కాలంలో తాత్కాలికంగా మళ్లీ వేశారు, 2025లో ఈ రెండు ఊళ్లూ కలిసి యూరప్ సాంస్కృతిక రాజధానిగా నిలిచాయి. అయినా 2023 అక్టోబర్ నుంచి స్లొవేనియా వైపు సరిహద్దులో ఇటలీ తాత్కాలిక తనిఖీలు పెట్టి పొడిగిస్తూనే ఉంది. చౌకులో పిల్లలు ఆ ఫలకం మీద గెంతులు వేస్తుంటే ఎవరూ అడగరు, రహదారి మీద మాత్రం బస్సును ఆపి పాస్‌పోర్టులు చూడవచ్చు. షెంగెన్ లోపల తిరుగుతున్నామన్న ధీమాతో పాస్‌పోర్టును హోటల్ గదిలో వదిలి పగటి ప్రయాణాలకు వెళ్లడం ఇప్పుడు మంచిది కాదు.

క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లోనూ యూరో చలామణిలోనూ ఒకేరోజు చేరింది. స్లొవేనియా రాజధాని లుబ్లియానా నుంచి అటు వెళ్లే బస్సు పాత తనిఖీ కేంద్రం దగ్గర వేగం తగ్గించి, ఆగకుండానే ముందుకు సాగింది. స్ప్లిట్‌లో మా అపార్ట్‌మెంట్ యజమానురాలు తలుపు తెరిచిన వెంటనే అడిగింది పాస్‌పోర్టులే. విదేశీ అతిథుల వివరాలను ఇక్కడ ఈవిజిటర్ అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదు చేయాలి. ఆవిడ వంటింటి బల్ల మీద ఫోన్ పెట్టుకుని, పేర్లలో ఒక్కొక్క అక్షరాన్నీ మాకు చూపించి సరిచూసుకుంటూ నమోదు చేసింది. ఈ దారిలో అన్ని దేశాలలోనూ ఇలాంటి బాధ్యత బస ఇచ్చేవారి మీదే ఉంది. సరిహద్దు పోలీసుల పనిలో ఒక వాటాను జీతం లేకుండా మోస్తున్నది వీరే. నమోదు అక్కరలేదని, నగదు ఇస్తే చాలని చెప్పే బసలు దారిలో ఎదురవుతాయి. వాటి జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే తర్వాతి వీసాకు ఎక్కడ ఉన్నారన్న ఆధారమే మిగలదు.

స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్ వెళ్లే దారిలో బోస్నియాకు చెందిన నెయుమ్ తీరం క్రొయేషియాను రెండుగా చీలుస్తుంది. 2022 జూలైలో పెల్యెషాట్స్ వంతెన తెరిచేవరకు రోడ్డున వెళ్లేవారు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే రెండుసార్లు సరిహద్దు దాటవలసి వచ్చేది. ఒకసారి ప్రవేశానికే వీసా ఉన్నవారికి అది ఇంకా పెద్ద చిక్కు. ఇప్పుడు 2.4 కిలోమీటర్ల వంతెన మీదుగా, బోస్నియా నేల తాకకుండానే డుబ్రోవ్నిక్ చేరవచ్చు. ఒక తనిఖీని తప్పించడానికి సముద్రం మీద ఇంత పెద్ద కట్టడం కట్టారంటే ఆ తనిఖీ ఎంత భారమో ఊహించుకోవచ్చు.

ఇక డుబ్రోవ్నిక్ నుంచి కోటర్. సుమారు 90 కిలోమీటర్లు. దారి ఖాళీగా ఉంటే రెండు గంటల చిల్లరలో చేరవచ్చు, డెబెలి బ్రియెగ్ సరిహద్దు దగ్గర వరస పెరిగితే ఎంతసేపు పడుతుందో డ్రైవరు కూడా చెప్పలేడు. డుబ్రోవ్నిక్‌లోని ప్రతి టూర్ దుకాణమూ కోటర్‌ను ఒక్కరోజు ప్రయాణంగా అమ్ముతుంది. మేము అడిగిన చోట కౌంటర్ దగ్గర కూర్చున్న అబ్బాయి డబ్బు తీసుకోకముందే వీసా పేజీ చూపించమన్నాడు. ప్రవేశాల సంఖ్య దగ్గర ‘01’ అని ఉంటే టికెట్ ఇవ్వనని, ‘మల్ట్’ అని ఉంటేనే ఇస్తానని చెప్పాడు. ఇది అతి జాగ్రత్త ఏమీ కాదు. మాంటెనెగ్రో చెల్లుబాటులో ఉన్న షెంగెన్ వీసా చూపినవారిని 30 రోజుల వరకు విడిగా వీసా అడగకుండానే అనుమతిస్తుంది కనుక లోపలికి వెళ్లడం సులభమే. కాని క్రొయేషియా దాటిన క్షణంలో ఒకసారి ప్రవేశపు వీసా అయిపోతుంది, సాయంత్రం తిరిగి రావడానికి దారి ఉండదు. మా కళ్లముందే ఒక నలుగురి బృందం ఈ కారణంగా వెనుదిరిగి, ఆ రోజును ద్వీపాల పడవ ప్రయాణానికి మార్చుకుంది. వారు కోటర్‌లో ఖర్చు పెట్టవలసిన డబ్బు అలా డుబ్రోవ్నిక్‌లోనే ఉండిపోయింది.

మాకు బహుళ ప్రవేశ వీసా ఉంది కనుక వెళ్లాము, అయితే ఒక్కరోజు టూర్‌లో కాకుండా సాధారణ బస్సులో, రెండు రాత్రుల బసతో వెళ్లాము. ఈ నిర్ణయం సరైనదని సరిహద్దు దగ్గరే తేలిపోయింది. క్రొయేషియా వైపు అందరమూ దిగి ఒక్కొక్కరుగా కిటికీ ముందు నిలబడాలి, కెమెరా వైపు చూడాలి. తర్వాత మళ్లీ బస్సెక్కి కొద్ది దూరం వెళ్లాక మాంటెనెగ్రో అధికారి పాస్‌పోర్టులన్నీ పోగుచేసుకుని తీసుకెళ్లి ముద్రలు వేసి తెచ్చాడు. మా పక్కన ఆగిన టూర్ బస్సులోని గైడ్ గడియారం చూసుకుంటూ, కోటర్ అఖాతం ఒడ్డునున్న పెరాస్ట్‌లో ఆగే సమయాన్ని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. సరిహద్దులో పోయిన ప్రతి నిమిషాన్నీ చివరికి ఒక చిన్న ఊరి పడవవాడు, కాఫీ దుకాణంవాడు భరిస్తున్నారు.

కోటర్ పాత పట్టణం గోడల లోపల బస అందంగా ఉంటుందని చెబుతారు, కాని రాత్రి సంగీతం హోరు ఎక్కువ. ఉత్తరాన నీటి ఒడ్డునే ఉన్న డోబ్రోటాలో గది తీసుకుంటే నిద్రా దక్కుతుంది, నడిచి పాత పట్టణానికీ చేరవచ్చు. కోట మెట్లను ఉదయాన్నే ఎక్కాలి. ఎండతోపాటు విహార ఓడల్లో వచ్చే జనమూ పెరుగుతుంది.

లండన్ మొదట మా జాబితాలో ఉంది, తర్వాత తీసేశాము. బ్రిటన్ షెంగెన్‌లో లేదు కనుక దానికి వేరే వీసా, వేరే అపాయింట్‌మెంట్ తప్పవు. వీసా అక్కరలేనివారికి సైతం బ్రిటన్ ఇప్పుడు ముందస్తు ఎలక్ట్రానిక్ అనుమతి తప్పనిసరి చేసింది. అమెరికా కూడా అలాంటి తన అనుమతి రుసుమును 2025 సెప్టెంబర్ 30 నుంచి 21 డాలర్ల నుంచి 40 డాలర్లకు పెంచింది. 2025లో తాము పరిశీలించిన 184 ఆర్థిక వ్యవస్థల్లో విదేశీ సందర్శకుల ఖర్చు తగ్గబోయేది అమెరికాలో మాత్రమేనని ప్రపంచ ప్రయాణ పర్యాటక మండలి ఆ ఏడాది మే నెలలో అంచనా వేసింది. దానికి డాలరు విలువ వంటి ఇతర కారణాలూ ఉన్నాయి, అన్నీ సరిహద్దు మీద మోపలేము. చైనా ఇదే కాలంలో ఎదురు దారి పట్టి, 2024 డిసెంబర్‌లో వీసా లేని ట్రాన్సిట్ బసను 240 గంటలకు పెంచింది.

నన్ను అడిగితే, కఠినత్వం కన్నా అనిశ్చితే పర్యాటకుణ్ణి ఎక్కువగా దూరం చేస్తుంది. ఎన్ని కాగితాలు అడిగినా, ఫలితం ఎప్పుడు చెబుతారో ఖచ్చితంగా తెలిస్తే గదులు చవకగా కుదుర్చుకోవచ్చు. డెబెలి బ్రియెగ్ దగ్గర అడిగే ప్రశ్నలు తక్కువే, కాని వేచి ఉండే సమయం తెలియదు కనుక మనుషులు కోటర్‌కు వెళ్లడమే మానుకుంటున్నారు.

తిరుగు ప్రయాణానికి టికెట్లు కొనేటప్పుడు ఒక సంగతి గమనించాలి. డుబ్రోవ్నిక్ నుంచి షెంగెన్‌లోని మరో పెద్ద విమానాశ్రయం మీదుగా బయటికి వెళ్తే నిష్క్రమణ తనిఖీ డుబ్రోవ్నిక్‌లో కాదు, విమానం మారే చోట జరుగుతుంది. గంట, గంటన్నర వ్యవధితో అమ్మే కనెక్షన్లు కాగితం మీద చెల్లుతాయి గాని, కెమెరా ముందు వరస ఉన్న రోజున చాలవు. మేము మూడు గంటల వ్యవధి ఉన్న టికెట్‌కు కాస్త ఎక్కువే చెల్లించాము, ఆ వ్యవధిలో ఎక్కువ భాగం వరసలోనే గడిచింది.