యాలకుల కోసం కుమళి వెళ్ళొచ్చాం: ఎక్కడ ఉండాలి, ఎక్కడ కొనాలి

మాది విజయనగరంలో గంటస్తంభం దగ్గర మిఠాయి కొట్టు. 2019లో కేరళ వేలంలో యాలకులు కిలో 7,000 రూపాయల దాకా పలికినప్పుడు కూడా నాన్న కోవాలో ఒక్క గింజ తగ్గించలేదు, నష్టానికే అమ్మారు. ఆ పంట ఎలా పండుతుందో చూడాలని అప్పటినుంచీ ఉంది నాకు. పోయిన సెప్టెంబరులో బావని వెంటబెట్టుకుని కేరళలోని ఇడుక్కి జిల్లాలో ఉన్న కుమళికి బయల్దేరాను.

విజయనగరంలో బొకారో ఎక్కితే (ధన్‌బాద్ - ఆలప్పుళ రైలే, మావాళ్ళు ఇంకా అలాగే అంటారు) ఎర్నాకుళం దాకా మారే పని లేదు. అక్కడి నుంచి కుమళికి బస్సు, ఘాట్ రోడ్డు మలుపులకి బావ పని అయిపోయింది.

మొదటి రాత్రి కుమళి బజార్లో లాడ్జి, 1,400. గది శుభ్రమే, వేడినీళ్ళు మాత్రం పొద్దున కాసేపే. తేక్కడిలో పడవెక్కి పెరియార్ అడవి చూద్దామని వచ్చేవాళ్ళకి అది చాలు. యాలకుల కోసమైతే అక్కడ ఉండొద్దు. ఆ సాయంత్రం ఒక స్పైస్ గార్డెన్‌కి టికెట్ కొని వెళ్తే, మొక్కకొకటి చొప్పున ఇరవై నిమిషాల్లో చూపించేసి సరాసరి వాళ్ళ షాపులోకి తోలారు. నిగనిగలాడుతున్నాయని పావుకిలో కొన్నాను. గదికొచ్చి తడిగుడ్డతో తుడిస్తే గుడ్డంతా ఆకుపచ్చ. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు, పిల్లలు తినే మిఠాయిలో వేసుకునే సరుకు కదా.

మర్నాడు వండన్‌మేడు వైపు తోటలోనే ఒక ఇంట్లో దిగాం. ఇద్దరికీ రెండు పూటల తిండితో కలిపి 2,200, కుమళి కంటే ఎక్కువే అయినా ప్రతి రూపాయికీ విలువ ఉంది. పుట్టు (బియ్యప్పిండితో ఆవిరి మీద చేసేది), శనగల కూర, ముతక ఎర్రబియ్యం అన్నం, పక్కన మా ఆవకాయ. పనివాళ్ళలో చాలామంది తమిళనాడులోని కంబం, బోడి వైపు నుంచి రోజూ జీపుల్లో వచ్చే తమిళులు, బావకి వచ్చిన కాస్త తమిళమే మమ్మల్ని గట్టెక్కించింది.

మొక్క మన పసుపు చెట్టులాగే ఉంటుంది, కాకపోతే మనిషిని మించిన ఎత్తు. కాయలు పైనెక్కడో వేలాడతాయని నేను తల పైకెత్తి వెతుకుతుంటే, కాయ కోస్తున్న ఒక అక్క నవ్వి కిందికి చూపించింది. మొదట్లోంచి సన్నటి కాడలు వచ్చి నేలమీద పాకుతున్నాయి, ఒకే కాడకి మొగ్గ, ఊదారంగు గీతలున్న తెల్లపువ్వు, కాయ మూడూ ఉన్నాయి. అందుకే అన్నీ ఒకేసారి కోయరు, నెలకో నలభై రోజులకో మళ్ళీ తిరిగొచ్చి పక్వానికొచ్చినవే తీస్తారు, అదంతా వంగి చేసే పని. ఆవిడ రెండు కాయలు గిల్లి నా అరచేతిలో పెట్టింది. లేతదాన్లో గింజలు తెల్లగా, ముదిరినదాన్లో నల్లగా, తియ్యటి జిగురుతో. వానాకాలం వెళ్తే మాత్రం జలగలుంటాయి, పొడుగు సాక్సులు తప్పనిసరి.

ఎండబెట్టే గదిని అక్కడ స్టోర్ అంటారు. దాదాపు ఐదు కిలోల పచ్చికాయ ఆరితే కిలో అవుతుంది. రాత్రంతా వేడి సమానంగా పట్టాలి, ఎక్కువైతే రంగు పోతుంది, తక్కువైతే బూజు. ధర చాలావరకు ఈ గదిలోనే తేలుతుందని ఇంటాయన చెప్పాడు.

పుట్టడి స్పైసెస్ పార్కుకీ ఆయనే తీసుకెళ్ళాడు. వేలం కంప్యూటర్ల మీద, లైసెన్సున్న వ్యాపారులే పాడాలి. మేం గుమ్మం దగ్గర నిలబడి చూశాం. ఒక్కో లాటు శాంపిల్ చేతికి రాగానే అరచేతిలో పరిచి, వాసన చూసి, ఒకటి కొరికి, క్షణాల్లో ధర కొట్టేస్తున్నారు.

చివరికి ఇంటాయనకి తెలిసిన కొట్లో మూడు కిలోలు కొన్నాం. మీరు పొడికే వాడేటట్టయితే 8 ఎంఎం బోల్డ్ (పెద్దకాయ రకం) కోసం ఎగబడకండి, ఘుమఘుమంతా గింజలోదే. కాస్త రంగు తగ్గిన చిన్నకాయ చవగ్గా వస్తుంది, మా కోవాకి అదే బావుంది.

ఈసారి చెన్నై మీదుగా వెళ్తాం. సెంట్రల్ నుంచి బోడినాయకనూరుకి 2023లో రైలు వేశారు, వారానికి మూడు రోజులు. బోడిలోనూ యాలకుల వేలం ఉంది, పైగా బావకి ఘాట్ రోడ్డు బాధ కాస్త తగ్గుతుంది.