21 ఇంచిల రిమ్ముల సోకు తీసి 19కి దిగా: మా ఆడి క్యూ7 కారు టైర్ల గోల

పోయిన డిసెంబరులో ఆకివీడు నుంచి ఉండి ఊరి వైపు వస్తన్నా, పొద్దున్న ఆరున్నర, మంచు దట్టంగా పట్టేసింది, రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉంది, దాని మీదకి బళ్ళు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతారు కదా మనోళ్ళు, ఎదురుగా లారీ లైట్లు కనపడేసరికి ఎడం పక్కకి కోశా, టప్పుమని సౌండు. బండి ఆపి దిగి చూస్తే ముందు టైరు పక్కన కోడిగుడ్డంత బుడుపు. గాలి ఉంది, టైరు నిండుగానే ఉంది, కానీ ఆ బుడుపు చూస్తే కడుపులో తిప్పింది. ఎందుకంటే అది రెండోది. మొదటిది ఆగస్టులో కలిదిండి పక్కన తూము దగ్గర పోయింది, దాంతోపాటు రిమ్ము కూడా వంగింది.

బండి సంగతి చెప్పాలి ముందు. ఆడి క్యూ7, సెకండ్ హ్యాండ్, హైదరాబాద్‌లో తీసుకున్నా. రొయ్య మంచి రేటు పలికిన సంవత్సరం అది, ఆ ఊపులో తీసుకున్నదే (ఇప్పటి రేట్లకైతే ఆ పక్కకి కూడా వెళ్ళేవాణ్ణి కాదు). ముందు ఓనరు కుర్రాడు, సోకు ఎక్కువ, కంపెనీ 19 ఇంచి రిమ్ములు అమ్మేసి 21 ఇంచివి ఎక్కించాడు, 285/40 ఆర్21. అబ్బో ఆ లుక్కే వేరు, సంక్రాంతికి ఊళ్ళోకి తెస్తే పిల్లలంతా చుట్టూ చేరి ఫోటోలు దిగారు. మా నాన్నగారు మాత్రం ఒకసారి కిందకి వంగి చూసి, ఇదేంట్రా చక్రానికి రబ్బరు పూత పూసినట్టుంది అన్నారు. అప్పుడు నవ్వుకున్నా గానీ ఆయన మాటే నిజం.

లెక్క చూడండి. 285/40 అంటే టైరు వెడల్పు 285 ఎమ్ఎమ్, పక్క గోడ ఎత్తు అందులో 40 శాతం, అంటే 114 ఎమ్ఎమ్. రెండు టన్నులు దాటిన బండికి, మన తూములకి, మన గతుకులకి, రాయికీ రిమ్ముకీ మధ్య ఉన్నది అంతే. రాయి తగిలినప్పుడు పక్క గోడ మడతపడి రాయికీ రిమ్ము అంచుకీ మధ్య నలుగుద్ది, లోపల దారాలు తెగిపోతాయి, అక్కడ గాలి రబ్బరుని బయటికి తోసేస్తది, అదే బుడుపు. దీనికి ప్యాచీ లేదు, వల్కనైజింగూ లేదు. ఏం కాదు సార్ తిరగండి అని ఎవడైనా అన్నాడంటే వాడు ఆ బండిలో కూర్చోడని అర్థం.

ఈ గోలంతా ఫోన్లో మా బామ్మర్దికి చెప్పా. వాడు మాంట్రియల్‌లో ఉంటాడు. వాడన్న మాట, "బావా, మేం చలికాలానికి చేసేదే నువ్వు ఏడాది పొడుగునా చెయ్యి." అప్పుడు అర్థం కాలేదు. అక్కడ క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలం టైర్లు వెయ్యకపోతే చట్టమే ఒప్పుకోదు. అందుకని చాలామంది రిమ్ములతో సహా రెండో సెట్టు పెట్టుకుంటారు, వాడూ అంతే, వేసవికి 20 ఇంచివి, మంచు పడే ముందు 18. చిన్న రిమ్ము, సన్న టైరు, ఎత్తు పక్క గోడ. ఎందుకురా అంటే మూడు కారణాలు చెప్పాడు. సన్న టైరు మెత్తటి మంచుని కోసుకుంటూ కిందకి దిగుద్ది, వెడల్పుదైతే పైన తేలుద్ది. మంచు కింద కనపడని గుంటలు ఉంటాయి, ఎత్తు గోడ ఉంటే రిమ్ము బతుకుద్ది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దానికి మంచి రిమ్ములు పాడైపోతాయి కాబట్టి అవి ఇంట్లో పెట్టి చవకవి వాడతారు.

వింటావుంటే నాకు మా రోడ్లే కనపడ్డాయి. మంచు కింద గుంటలంటే మనకి వాననీళ్ళ కింద గుంటలు. ఉప్పంటారా, రొయ్యల లారీలు దారి పొడుగునా కార్చుకుంటా పోయే ఉప్పునీళ్ళు ఉన్నాయి, ఐసు కరిగిన నీళ్ళు, చెరువు నీళ్ళు అన్నీ కలిపి. మొగల్తూరు వైపు రోజూ తిరిగే బండి రిమ్ము చూడండి, ఆ మెరిసే డైమండ్ కట్ రిమ్ములైతే ఏడాదికల్లా అంచుల్లో తెల్లగా పొర లేస్తది, బొల్లి వచ్చినట్టు. సన్న టైరు సంగతి కూడా అంతే, నిలిచిన నీళ్ళ మీద స్పీడుగా వెళ్తే వెడల్పు టైరు తేలుద్ది, స్టీరింగు ఒక్క క్షణం గాల్లో తిప్పినట్టుంటది, పోయిన వానాకాలం భీమవరం నుంచి పాలకొల్లు వెళ్తా 165 హైవే మీద అది నాకు అనుభవమే, పక్కన మా ఆవిడ ఉంది, ఆ రోజు నుంచి ఆవిడ 60 దాటనివ్వదు.

ఇక్కడొక మాట. ఇది విని మా చెరువుల పార్ట్‌నరు ఒకాయన, అయితే ఆ మంచు టైర్లే తెప్పించుకుందాం, బురదలో కూడా పట్టు ఇస్తాయంట కదా అన్నాడు. వద్దు మహాప్రభో. వాటి రబ్బరే వేరు, సుమారు 7 డిగ్రీల కిందకి దిగితే మామూలు టైరు బిగుసుకుపోయి పట్టు తగ్గుద్ది, ఇది అప్పుడు కూడా మెత్తగా ఉంటది, దాని మీద సన్నసన్న గాట్లు ఉంటాయి, పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచుపువ్వు గుర్తు ఉంటది. మనం జనవరి తెల్లారుజామున దుప్పటి ముసుగేసుకుని వణికేది 18 డిగ్రీలకే కదండీ. లంబసింగిలో కాపురం పెట్టినా ఏడాదంతా పనికిరావు అవి. మే నెల ఎండలో తార్రోడ్డు మీద పెన్సిల్ రబ్బరులా అరిగిపోతాయి, బ్రేకు కొడితే బండి ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటది కూడా. వాళ్ళ రబ్బరు మనకి వద్దు, వాళ్ళ సైజు ఐడియా కావాలి.

డ్రైవరు డోరు తీస్తే పక్కన స్టిక్కరు ఉంటది, ఏ సైజుకి ఎంత గాలి పెట్టాలో. అందులో 255/55 ఆర్19 ఉంది. లెక్కేశా. 255లో 55 శాతం అంటే 140 ఎమ్ఎమ్. 114కి 140కి తేడా 26, ఇంచి పైమాట. మొత్తం చక్రం ఎత్తు మాత్రం 21దానికి 761, 19దానికి 763, అంటే స్పీడోమీటరూ మారదు, బండి ఎత్తూ మారదు, గేర్‌బాక్సుకి తెలియను కూడా తెలియదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, రిమ్ము తగ్గిస్తే బండి కిందకి దిగిపోద్దని చాలామంది భయం, రిమ్ము తగ్గినంత రబ్బరు పెరుగుద్ది అంతే. 18 కూడా అడిగా గానీ పెద్ద బ్రేకులున్న బళ్ళకి ముందు చక్రాల దగ్గర కాలిపర్ (బ్రేకు డిస్కుని పట్టే భాగం) రిమ్ముకి తగులుద్ది అన్నారు, ఆ రిస్కు ఎందుకని వదిలేశా.

ఇంక షాపుల భాగోతం. మొదట మా దగ్గర్లో ఒక పెద్ద షాపుకి వెళ్ళా, పేరు వద్దులెండి, మళ్ళీ రేపు పంచరు పడితే అక్కడికే వెళ్ళాలి. కూల్‌డ్రింకు ఇచ్చారు, కూర్చోబెట్టారు, 19కి దిగుతానంటే కుర్రాడు నన్ను జాలిగా చూశాడు, "అందరూ పెంచుకుంటన్నారండి, మీరేటండీ తగ్గిత్తానంటన్నారు." 21దే ఒక్క టైరు 41 వేలు చెప్పాడు, ఇంకో రెండు మార్చుకుంటే సరిపోద్దన్నాడు. నాలుగు చక్రాలకీ పవరు వెళ్ళే బండికి రెండు కొత్తవి రెండు అరిగినవి వేస్తే చక్రాల సైజులు తేడా వచ్చి లోపల చక్రాలకి పవరు పంచే డిఫరెన్షియల్ ఊరికే కష్టపడుద్ది, ఆ ముక్క వాడు చెప్పలేదు. సరే 19వే చూపించవయ్యా అంటే లోపల్నుంచి తెచ్చాడు. పక్కన కోడిగుడ్డు ఆకారంలో గీసిన గడిలో నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. అది 3521. అంటే 2021లో 35వ వారం. ఇది ముసలిదైపోయింది కదా అంటే, "టైరు పెట్టెలో ఉంటే వయసు రాదండి" అన్నాడు. ఆయ్, మరి మనకే వస్తదేటో. కూల్‌డ్రింకు తాగేసి వచ్చేశా.

రిమ్ములకి విజయవాడ ఆటోనగర్ వెళ్ళా. ఒకాయన దగ్గర క్యూ7వే అని ఒక సెట్టు మెరిసిపోతా ఉంది, రేటు కూడా తక్కువ. పాత మోడల్ క్యూ7వి అవి. బోల్టులు అయిదే గానీ ఆ బోల్టులు కూర్చునే వలయం వ్యాసం పాతదానికి 130 ఎమ్ఎమ్, నాలాంటి రెండో తరం బండికి 112. పేరు ఒకటే కదా అని డబ్బులు కట్టేసి ఇంటికొచ్చి బిగించబోతే ఏడవాల్సిందే. ఇంకో షాపులో పెద్దాయన దొరికాడు, ఆయన ముందు బండి ఆర్సీ చూశాడు, రిమ్ము లోపల అచ్చు గుద్ది ఉన్న నంబర్లు టార్చి వేసి చదివాడు, ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటదో ఆ కొలత) చూశాడు, మిషను మీద తిప్పి చూపించాడు వంపు లేదని. ఇంకో మంచి ముక్క కూడా చెప్పాడు, ఆడి కంపెనీ రిమ్ముకి బోల్టు తల కింద గుండ్రంగా ఉంటది, బయట దొరికే చాలా రిమ్ములకి కోసుగా ఉండే బోల్టు కావాలి, ఒకదాని బోల్టు ఇంకోదానికి బిగిస్తే బిగిసినట్టే ఉంటది, తర్వాత వదులైపోద్ది. నా 21 రిమ్ములకి ఏ బోల్టులున్నాయో చూసి, అవి వేరే రకమని కొత్తవి తెప్పించాడు. ఆయన దగ్గర కంపెనీ 19 రిమ్ములు, వాడినవే, మామూలు సిల్వర్ పెయింటు, సెట్టు 72 వేలు. డైమండ్ కట్ సెట్టు కూడా చూపించాడు గానీ ఉప్పునీళ్ళు గుర్తొచ్చి దండం పెట్టా.

టైర్లు మిషెలిన్ ఎస్‌యూవీవి వేయించా, ఒక్కోటి 26,500. తీసుకునేటప్పుడు సైజు పక్కన ఉండే అంకె చూడండి, నావి 111, అంటే ఒక్కో టైరు 1,090 కిలోలు మోస్తది. 107 ఉంటే 975 కిలోలే. అదే సైజులో తక్కువ అంకెది చవగ్గా ఇస్తామంటారు, ఏడుగురు ఎక్కి, వెనకాల అరిసెలు, పూతరేకుల డబ్బాలు, కొబ్బరిబొండాలు వేసుకెళ్ళే బండికి ఆ కక్కుర్తి వద్దు. అలైన్‌మెంటు, బాలెన్సింగు, బోల్టులు అన్నీ కలిపి ఇంకో 7 వేలు. మొత్తం 1,85,000. ఎక్కువే, కాదనను. కానీ ఆ 21వి నాలుగు టైర్లే 1,64,000 అయ్యేవి, వంగిన రిమ్ము అదనం.

నైట్రోజన్ కొట్టించుకోమని అక్కడ కుర్రాడు వెంటపడ్డాడు. మామూలు గాలిలో 78 శాతం అదే ఉంటది నాయనా, మిగతా 22కి నేను డబ్బులు కట్టను అన్నా. పొద్దున్నే బండి తియ్యకముందు స్టిక్కరు మీద ఉన్నంత గాలి ఉందో లేదో చూసుకుంటే చాలు. మెత్తగా ఉంటదని గాలి తగ్గించుకుని తిరిగేవాళ్ళు మా దగ్గర చాలామంది, ఆ బుడుపులకి సగం కారణం అదే.

ఇప్పటికి ఎనిమిది నెలలు, 14 వేల కిలోమీటర్లు. మొదటి రోజే తేడా తెలిసింది, అప్పటిదాకా ప్రతి గతుకూ నడ్డికి చెప్పి మరీ వెళ్ళేది, ఇప్పుడు దూరంగా ఎవరో తలుపు తట్టినట్టు ఉంటది. తూముల మీద పాత అలవాటుకొద్దీ నేను బిగుసుకుంటా గానీ బండి మాత్రం దాటేస్తది. జూలైలో రెండు రోజులు ముసురు పట్టినప్పుడు అదే పాలకొల్లు రోడ్డులో అవే నీళ్ళ మీద వెళ్ళా, ఈసారి స్టీరింగు చేతిలోనే ఉంది. మా ఆవిడ 70 దాకా ఒప్పుకుంది.

లోట్లు లేవా అంటే ఉన్నాయి. లుక్కు తగ్గింది, పక్కనుంచి చూస్తే బండి కాస్త మేనత్తలా నిండుగా కనిపిస్తది. రావులపాలెం దగ్గర పెద్ద హైవే ఎక్కి స్పీడుగా లైను మారితే 21 ఇంచిలకున్న ఆ చురుకు లేదు, పక్క గోడ పెరిగింది కాబట్టి కొంచెం ఊగుద్ది, అలవాటు పడాలి. నల్లరేగడి బురదలో మాత్రం ఏమీ మారలేదు. చెరువు గట్టు మీద వాన పడ్డాక ఆ మట్టి టైరు గాళ్ళన్నీ మూసేసి గుండు చేసేస్తది, అది ఏ కంపెనీ టైరైనా ఒకటే, అప్పుడు బండి పుంత మొదట్లో ఆపి మేత కుర్రాడి హీరో హోండా ఎక్కడమే.

పాత 21 సెట్టు మేత షెడ్డులో ఉంది. మొన్న కాళ్ళ అనే ఊరి నుంచి ఒక కుర్రాడు కొంటానని వచ్చాడు, సంక్రాంతికి బరి దగ్గర దిగేసరికి బండి మెరిసిపోవాలంట. ఒక రిమ్ము వంగిందనీ, రెండు టైర్లకి బుడుపులనీ చూపించా. వాడు కాసేపు చూసి, "బాబాయ్, వంగినది లోపలి వైపుకి తిప్పి బిగిస్తే కనపడదు కదా" అన్నాడు.

ఆ నాలుగూ ఇంకా షెడ్డులోనే ఉన్నాయి. మేత బస్తాలు నేలకి తగలకుండా వాటి మీద పేర్చాం.