ఇంగ్లీషు వ్యాకరణ సాధన యాప్: రెండోసారి చందా కట్టాక నా అభిప్రాయం

ఈ యాప్‌కు చందా కట్టడం దండగ కాదు. దండగయ్యేది అందులో పాఠాలవారీ సాధన మీద పెట్టే సమయం. తెరవగానే కనిపించేదీ, ప్రకటనల్లో చూపించేదీ అదే. అసలు పనికొచ్చేది మాత్రం రెండు మూడు మెనూలు దాటి లోపలెక్కడో ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని కనుక్కునేసరికి చందా గడువు సగం కరిగిపోతుంది కాబట్టి ఈ సమీక్ష రాస్తున్నాను.

యాప్ పేరు రాయడం లేదు. రాస్తే మెచ్చుకున్న చోట ప్రకటన అంటారు, విమర్శించిన చోట పగ అంటారు. పైగా స్టాఫ్ సెలక్షన్, బ్యాంకు పరీక్షల కోసం వచ్చిన ఇంగ్లీషు యాప్‌లలో నేను తెరిచి చూసినవన్నీ దాదాపు ఒకే తీరున ఉన్నాయి. మీరు వాడుతున్నది వేరొకటైనా ఇందులో చాలావరకు వర్తిస్తుంది. నా సంగతి చెప్పాలంటే, ఒంగోలులో వార్డు సచివాలయంలో ఉద్యోగం, పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. ఆఫీసు అయ్యాక ఫోనులో, ఆదివారాలు జిల్లా కేంద్ర గ్రంథాలయంలో సాధన. గురి సీజీఎల్ మీద, అంటే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డిగ్రీ చదివినవాళ్లకు పెట్టే ఉద్యోగాల పరీక్ష మీద. పక్కన బ్యాంకు పరీక్షలు.

ఇంగ్లీషుకు విడిగా డబ్బు పెట్టడం ఎందుకని మా ఇంట్లోనే అడిగారు. సీజీఎల్ మొదటి దశలో వంద ప్రశ్నలకు ఇంగ్లీషువి 25 మాత్రమే కాబట్టి ఆ ప్రశ్న సహజం. రెండో దశ చూస్తే లెక్క తిరగబడుతుంది. మొదటి పేపరులో ఇంగ్లీషుకు 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు. అర్హతకు మాత్రమే చూసే కంప్యూటర్ భాగం పక్కన పెడితే 390లో 135 మార్కులు ఇంగ్లీషువే. లెక్కలకు 90, రీజనింగ్‌కు 90. మన జిల్లా పిల్లలు లెక్కల మీద పడే కష్టం చూస్తే ఈ అంకెలు ఎవరూ వాళ్లకు చెప్పలేదేమో అనిపిస్తుంది. బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్‌లో 30 ప్రశ్నలకు ఇరవై నిమిషాలే; ఆ గడువు దాటాక వెనక్కి వెళ్లే వీలు కూడా ఉండదు.

ఇక పాఠాలవారీ సాధన సంగతి. "కర్త క్రియల పొందిక", "విభక్తులు", "కాలాలు" అని పేర్లు పెట్టి ఒక్కో పాఠానికి వందల ప్రశ్నలు ఇచ్చారు. చూడడానికి ఘనంగా ఉంటుంది. కానీ పైన పాఠం పేరు కనిపిస్తున్నప్పుడు మనం చేసేది తప్పును వెతకడం కాదు. దొంగ ఏ గదిలో దాక్కున్నాడో చెప్పి మరీ పట్టుకోమన్నట్టు ఉంటుంది. విభక్తుల పాఠం తెరిచామంటే క్రియను చూడనే చూడం; ఇన్, ఆన్, ఎట్ ఎక్కడున్నాయో చూసుకుని నొక్కేస్తాం. తొంభై శాతం వస్తుంది. పచ్చ రంగు వృత్తం నిండుతుంది. పరీక్షలో ఆ పేరు ఉండదు.

గ్రంథాలయంలో నా పక్క బల్ల దగ్గర కూర్చునే కనిగిరి అమ్మాయి ఒకరోజు ఇదే అడిగింది. "అక్కా, యాప్‌లో అన్ని పాఠాల్లోనూ నాకు ఎనభై దాటుతోంది. పోయిన పరీక్షలో సగం కూడా రాలేదు. ప్రశ్నలు అంత కష్టంగా ఇచ్చారంటారా?" కష్టం ప్రశ్నల్లో లేదు, వాటి తీరు యాప్‌లో ఉన్నదే. నేను ఒక వాక్యం కాగితం మీద రాసి ఇచ్చాను: "ది ప్రైస్ ఆఫ్ ది ప్రాన్స్ బ్రాట్ ఫ్రమ్ ది పాండ్స్ నియర్ నెల్లూర్ హావ్ ఫాలెన్." ఆమె ముందు ఫ్రమ్ దగ్గర ఆగింది. తర్వాత నియర్ పక్కన టు ఉండాలేమో అంది. తర్వాత నెల్లూర్ ముందు ది పెట్టాలా అని అడిగింది. ఆఖరికి తప్పు లేదని తేల్చింది. పడిపోయింది రొయ్యలు కాదు, ధర. ప్రైస్ ఏకవచనం, కాబట్టి హాజ్ ఫాలెన్. మధ్యలో ప్రాన్స్, పాండ్స్ అని రెండు బహువచనాలు పడేసరికి హావ్ చెవికి కమ్మగానే వినిపిస్తుంది. ఇదే వాక్యం "కర్త క్రియల పొందిక" అనే పేరు కింద ఉంటే ఆమె రెండు సెకన్లలో పట్టేసేది. నియమం ఆమెకు వచ్చు; ఏ నియమం వాడాలో ఎంచుకోవడం అలవాటు కాలేదు, అంతే.

ఆ అలవాటు చేసేది మిశ్రమ సాధన అనే విభాగం. యాప్ మీద నా మంచి మాటల్లో ఎక్కువ భాగం దానికే. పొందిక, కాలం, ఆర్టికల్, విభక్తి, తులనాత్మకం అన్నీ కలిపి ఇరవై అయిదేసి ప్రశ్నలు ఇస్తుంది, పైన ఏ పేరూ ఉండదు. పూర్తయ్యాక ఒక్కో ప్రశ్నకు ఎన్ని సెకన్లు పట్టిందో చూపిస్తుంది. ఈ సెకన్ల పట్టిక బంగారం. సరైన జవాబు పెట్టినా ముప్పై సెకన్లు దాటిన చోట మనకు నియమం సరిగ్గా పట్టుబడలేదని అర్థం. నాకైతే ఆర్టికల్స్ దగ్గర సమయం అంతా కారిపోతున్నట్టు ఈ పట్టిక వల్లే తెలిసింది.

పదబంధాల సవరణ, అంటే వాక్యంలో గీత గీసిన భాగాన్ని మార్చే ప్రశ్నల్లో, యాప్ సరుకు బాగుంది. "హార్డ్‌లీ హాడ్ ది ట్రైన్ లెఫ్ట్ దేన్ ఇట్ స్టార్టెడ్ రైనింగ్" లాంటివి ఇచ్చి, దేన్ తీసి వెన్ పెట్టడమే కాకుండా, దేన్ సరిపోయే నో సూనర్ వాక్యాన్ని వెంటనే తర్వాతి ప్రశ్నగా వేస్తుంది. రెండూ పక్కపక్కన పడితే మరిచిపోలేం. డినైడ్, రిఫ్యూజ్డ్ లాంటి జంటలనూ ఇలాగే ఎదురెదురుగా నిలబెట్టారు. ఎవరో పాఠం చెప్పిన అనుభవం ఉన్నవాళ్లే ఈ వరుస కూర్చారు.

వివరణల దగ్గరకు వస్తే ఆ మెచ్చుకోలు వెనక్కి తీసుకోవాలి. ఇంగ్లీషులో ఒకటిన్నర వాక్యం, లేదా హిందీలో వీడియో. తెలుగు లేదు. తెలుగు లేకపోతే మానె, తెలుగువాడు ఎందుకు తప్పు చేస్తాడో కూడా వాళ్లకు పట్టలేదు. "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అన్న వాక్యం తీసుకోండి. కాలపరిమాణానికి ఫర్ వాడాలి, ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యుయస్ వాడాలి అని వివరణ. నిజమే, కానీ మనకు ఆ వాక్యంలో తప్పే కనిపించదు కదా! మనం "రెండేళ్ల నుంచి పనిచేస్తున్నాను" అంటాం, "2019 నుంచి పనిచేస్తున్నాను" అని కూడా అంటాం. రెండింటికీ ఒకటే నుంచి, ఒకటే క్రియ. ఇంగ్లీషువాడు మొదలైన సమయానికి సిన్స్, గడిచిన సమయానికి ఫర్ అని విడగొట్టాడు. క్రియను కూడా హావ్ బీన్ వర్కింగ్ అని సాగదీశాడు. ఈ తేడా ఎక్కడ ఉందో చెబితే ఒక్కసారికే ఎక్కుతుంది.

ఇలాంటివి యాప్ తప్పుల జాబితాలో గుట్టలుగా దొరుకుతాయి. ఫలానా విషయం గురించి చర్చించాం అంటాం కాబట్టి డిస్కస్ పక్కన అబౌట్ వచ్చి కూర్చుంటుంది. అక్కడ దానికి చోటు లేదు. ఒంగోలుకు చేరాం అంటాం కాబట్టి రీచ్డ్ టు అని రాస్తాం. రీచ్డ్ ఒక్కటే చాలు. ఇంజినీరుతో పెళ్లయింది అంటాం, అక్కడ మ్యారీడ్ విత్ వస్తుంది; ఉండాల్సింది టు. నాకంటే సీనియర్ అంటాం, దేన్ వస్తుంది, అక్కడా టు. నేను వీటన్నిటికీ తెలుగు వాక్యం పక్కన పెట్టి ఒక పొడుగు నోటుపుస్తకంలో రాసుకున్నాను. యాప్ వాళ్లు ఈ ఒక్క పని చేసి ఉంటే మన రెండు రాష్ట్రాల్లో దానికి పోటీ ఉండేది కాదు.

నోటుపుస్తకానికి ఇంకో కారణం కూడా ఉంది. మనం తప్పు పెట్టిన ప్రశ్నలను మళ్లీ ఇచ్చే సదుపాయం యాప్‌లో ఉంది, మంచి ఆలోచనే. కానీ వాక్యం అదే, ఆప్షన్ల వరుస కూడా అదే. రెండోసారికి వాక్యం చదవకుండానే మూడోది నొక్కేస్తాం. వేలికి గుర్తుంటుంది, బుర్రకు ఉండదు. అందుకే తప్పు పోయిన వాక్యాలను ఆప్షన్లు లేకుండా చేత్తో ఎత్తిరాసుకుని, కొంతకాలం ఆగి, పెన్సిలుతో దిద్దుకోవడం మేలు. పాత పద్ధతే. ఆప్షన్ల వరుస మార్చడం ప్రోగ్రాము రాసేవాళ్లకు ఎంత సేపటి పని? వాళ్లకు రాసి చాలా కాలమైంది. "మీ సూచనకు ధన్యవాదాలు" దగ్గరే ఆగింది.

"తప్పు లేదు", "మార్పు అవసరం లేదు" అన్న ఆప్షన్లతో జాగ్రత్త. యాప్ ప్రశ్నల్లో అవి సరైన జవాబు కావడం అరుదు. ప్రశ్నలు రాసేవాళ్లకు తప్పున్న వాక్యం తయారు చేయడమే సులువేమో. ఆ అలవాటుతో పరీక్ష హాలుకు వెళితే శుభ్రంగా ఉన్న వాక్యంలో కూడా ఏదో ఒకటి గోకుతాం. అసలు ప్రశ్నపత్రాల్లో ఆ ఆప్షన్ నిజంగానే జవాబుగా వస్తుంది. దీనికి విరుగుడు యాప్‌లో లేదు. కమిషన్ విడుదల చేసిన పాత పేపర్లు, తుది కీలు దగ్గర పెట్టుకుని చేయాల్సిందే.

జవాబులే తేడాగా ఉన్న చోట్లూ తగిలాయి. "నన్ ఆఫ్ దెమ్ వర్ ప్రెజెంట్" అన్నది తప్పని, వాజ్ మాత్రమే ఒప్పని ఒక వివరణ గట్టిగా చెప్పింది. నిఘంటువులు రెండింటినీ ఒప్పుకుంటాయి. ఇద్దరైతే ఈచ్ అదర్, అంతకు మించితే వన్ అనదర్ అన్న నియమమూ అలాంటిదే. మంచి రచయితలు ఎప్పుడూ దాన్ని పట్టించుకోలేదు, పోటీ పరీక్షల పుస్తకాలు మాత్రం దాన్ని వదలవు. ఇలాంటి చోట యాప్‌తో గొడవ పడడం దండగ. అధికారిక కీలో ఏది ఒప్పుకున్నారో చూసుకుని అదే పట్టుకోవాలి. అనుమానం తీరనప్పుడు ఊహించాలా వద్దా అన్నది కూడా యాప్ చెప్పదు. సీజీఎల్ మొదటి దశలో సరైనదానికి 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. నాలుగింట్లో ఒక్కటి కొట్టేయగలిగినా పెట్టడమే లాభం. రెండో దశలో 3కు 1 కోత, గుడ్డిగా పెడితే సగటున వచ్చేదీ లేదు, పోయేదీ లేదు.

అఖిల భారత ర్యాంకు, పతకాలు, "మీ వరుస తెగిపోతోంది" అని రాత్రి పదిన్నరకు వచ్చే సందేశాలు: ఇవన్నీ ఆపేసుకోవచ్చు, ఆపేసుకోండి. ఉచిత టెస్టులో సరదాకు కూర్చున్నవాళ్ల మధ్య వచ్చే ర్యాంకుకు అర్థం లేదు. నెట్ లేకపోతే మిశ్రమ సాధన తెరుచుకోదు. ఒంగోలు నుంచి కావలి దాకా రైల్లో చేద్దామంటే మధ్యలో సిగ్నల్ పోయిన ప్రతిసారీ సమయం పరుగెడుతూనే ఉంటుంది, ప్రశ్న మాత్రం రాదు.

రాయడం దీనితో రాదు. బ్యాంకు ఆఫీసర్ల కోసం పెట్టే ఐబీపీఎస్ పీవో మెయిన్స్‌లో అరగంటలో వ్యాసం లాంటివి రాయాలి, 25 మార్కులు. గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లీషు అర్హత పేపరే ఉంది. ఇంకొకరు పెట్టిన తప్పును పట్టుకోవడం వేరు, మనమే నాలుగు పేరాలు తప్పుల్లేకుండా రాయడం వేరు. అక్కడ మన వాక్యాలు చదివి ఎర్ర సిరాతో గీసే మనిషి కావాలి. ఒంగోలులో రిటైరైన ఇంగ్లీషు మాస్టార్లు ఇప్పటికీ ఇళ్లల్లో చెబుతున్నారు. యాప్ చందాలో సగం డబ్బు అటు పెట్టండి.

వ్యాకరణం అసలు చదవనివాళ్లు ఇప్పుడే కొనవద్దు. ముందు బడి పిల్లల వ్యాకరణ పుస్తకం ఒకటి పూర్తి చేసుకోండి, లేకపోతే ఆ ఒకటిన్నర వాక్యాల వివరణలు అర్థం కావు. నియమాలు వచ్చి, కలిపి ఇస్తే తడబడేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. వాళ్లు కూడా ఏడాది చందా జోలికి పోవద్దు. నోటిఫికేషన్ వచ్చి పరీక్ష తేదీ తేలాక మూడు నెలల చందా తీసుకుని, నేరుగా మిశ్రమ సాధనలోకి వెళ్లండి. పండుగలకు ధర తగ్గిస్తారు. సంక్రాంతికి తగ్గించినదే ఉగాదికీ తగ్గిస్తారు కాబట్టి తొందరపడనక్కర్లేదు. కట్టేటప్పుడు మాత్రం "గడువు తీరగానే దానంతటదే పొడిగించు" అన్న గడిలో టిక్కు ముందే పెట్టి ఉంటుంది, తీసేయండి.