లూప్ హ్యాబిట్ ట్రాకర్: ఆరంభశూరులకు పనికొచ్చే యాప్, ఒక షరతు మీద

ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు రోజులు గడుస్తుంటే, చాలామంది ఏదో ఒక రాత్రి ఉన్నట్టుండి నడుం బిగిస్తారు. అలవాట్లు లెక్కపెట్టే యాప్ ఒకటి ఫోన్లోకి ఎక్కించి, పది పన్నెండు లక్ష్యాలు చకచకా రాసేస్తారు. రెండో వారానికి ఆ ఐకాన్ వైపు చూడాలంటేనే మొహం చెల్లదు. లూప్ హ్యాబిట్ ట్రాకర్‌ని ఈ ఆరంభశూరుల దృష్టితోనే పరిశీలించాం. ముందే చెప్పేస్తే: లెక్క కట్టడంలో ఇది చాలా నిజాయితీగల యాప్. దేన్ని మార్చుకోవాలో మాత్రం చెప్పదు, అడగనైనా అడగదు. ఆ పని యాప్ తెరవకముందే అయిపోవాలి. లేకపోతే ఎంత మంచి లెక్కయినా తప్పుడు పనిని లెక్కపెడుతూ కూర్చుంటుంది.

ఇది ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం చేసిన యాప్. 2016లో వచ్చింది. ఓపెన్ సోర్స్ (అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు), ఉచితం. ప్రకటనలు లేవు, ఖాతా తెరవక్కర్లేదు, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. గూగుల్ ప్లేలోనూ, ఓపెన్ సోర్స్ యాప్‌లు దొరికే ఎఫ్-డ్రాయిడ్‌లోనూ దొరుకుతుంది. పైకి చూస్తే పెద్ద హంగేమీ లేదు. ఎడమవైపు అలవాట్ల పేర్లు, వాటి ఎదురుగా రోజుల గడులు. చేస్తే టిక్కు, చేయకపోతే లేదు. అసలు విషయం ప్రతి పేరు పక్కన ఉన్న చిన్న రంగు వలయంలో ఉంది. అదే స్కోరు.

ఈ రకం యాప్‌లు చాలావరకు వరుస రోజుల్ని లెక్కపెడతాయి. 40 రోజులు చేసి 41వ రోజు తప్పితే సున్నా. బతుకు కదలడం లేదని కుమిలిపోతున్న మనిషికి ఆ సున్నా చాలు, మొత్తం వదిలేయడానికి. లూప్ కూడా వరుసల్ని చూపిస్తుంది కానీ, స్కోరు లెక్క వేరు. రోజూ చేయాల్సిన అలవాటుకి మొదటి టిక్కు సుమారు 5 శాతం ఇస్తుంది. విడవకుండా చేస్తే 13 రోజులకు 50, నెలకు 80, రెండు నెలలకు 96, మూడు నెలలకు 99 దగ్గరికి వస్తుంది. 80 దగ్గర ఉన్నప్పుడు ఒక రోజు తప్పితే పోయేది 4 పాయింట్లే. పది రోజులు పూర్తిగా మానేసినా 47 దగ్గర ఉంటారు. మళ్లీ 80 చేరడానికి 18 రోజులు చాలు. చేసిన పని బూడిదలో పోసిన పన్నీరు కాలేదని ఆ అంకె కళ్లెదుట చూపిస్తుంది. మళ్లీ మొదలుపెట్టే ధైర్యం చాలామందికి అక్కడే దొరుకుతుంది.

ఈ పద్ధతికి పరిశోధన ఆసరా కూడా ఉంది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలపాటు గమనించి 2009లో ఫలితాలు వెలువరించింది. అలవాటు స్థిరపడటానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని వాళ్ల లెక్క. మొదట్లో వేగంగా పెరిగి తర్వాత నెమ్మదించడం, ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా నష్టం లేకపోవడం కూడా అందులో తేలాయి. 21 రోజుల్లో అలవాటు పడిపోతుందన్న మాట ఇప్పటికీ చలామణిలో ఉంది. దాని మూలం 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసుకున్న పరిశీలన: సర్జరీ అయ్యాక తన కొత్త ముఖానికి మనిషి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందని. కనీసం అన్న మాట దారిలో ఎక్కడో జారిపోయింది. అయితే లూప్ చూపించే 99 శాతం మీ మెదడుని కొలిచి చెప్పింది కాదు, టిక్కుల లెక్క మాత్రమే. ఆ అంకె చూసుకుని అలవాటు పక్కాగా పడిపోయిందనుకోవద్దు.

ఇక అసలు షరతు. యాప్ తెరవడానికి ముందు ఏడు రోజులు ఒక కాగితం మీద గంటకో వరుస చొప్పున రాయండి: ఆ గంటలో ఏం చేశారు, అది ఎంత ఆనందాన్నిచ్చింది, ఏదో సాధించామన్న తృప్తి ఎంత. రెండిటికీ పదికి మార్కులు వేయండి. మానసిక చికిత్సలో దీన్ని దశాబ్దాలుగా వాడుతున్నారు, కొత్త కిటుకేమీ కాదు. వారం తర్వాత చూస్తే రెండు రకాల గంటలు బయటపడతాయి. రెండు మార్కులూ 2 దాటని గంటలు చాలా ఉంటాయి. ఏదో ఒకటి 6 దాటిన గంటలు కొన్నే ఉంటాయి. ఆ కొన్నిటిని ఎలా పెంచాలన్నదే యాప్‌లో రాయాల్సిన విషయం. ఊళ్లో అందరూ మంచివని చెప్పే అలవాట్ల జాబితా కాదు.

కొత్త అలవాటు చేర్చేటప్పుడు యాప్ మొదట రెండు గడులు చూపిస్తుంది: పేరు, ప్రశ్న. చాలామంది పేరు రాసి ప్రశ్న వదిలేస్తారు. ఈ యాప్‌ని వాడటంలో జరిగే పెద్ద తప్పు అదే. రిమైండర్ మోగినప్పుడు నోటిఫికేషన్‌లో కనిపించేది ఆ ప్రశ్నే. పేరు దగ్గర ‘వ్యాయామం’ అని మాత్రమే ఉంటే, మనసు బాగోని రోజున దానికి వంద సాకులు దొరుకుతాయి. ‘పళ్లు తోముకోగానే చెప్పులేసుకుని పది నిమిషాలు నడిచానా?’ అని ఉంటే అవును, కాదు తప్ప మూడో జవాబు లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఏ పని వెంట అన్నది ముందే ముడిపెట్టుకుంటే చేసే అవకాశం గట్టిగా పెరుగుతుందని పీటర్ గోల్‌విట్జర్, పాస్కల్ షీరన్ 2006లో 94 పరీక్షల ఫలితాలను కలిపి చూపించారు. ప్రశ్న గడిలో ముడి కట్టేయండి. మనకి తెలిసినంతలో ఆ గడికి ఇంతకంటే మంచి ఉపయోగం లేదు.

రిమైండర్ సమయం కూడా ఈ ముడిని బట్టే పెట్టాలి. పని మొదలుపెట్టాల్సిన క్షణానికి కాదు, పూర్తయి ఉండాల్సిన వేళకి ఓ పది నిమిషాల తర్వాత పెట్టండి. అప్పుడది గుర్తు చేసే గంట అవదు, లెక్క అడిగే గంట అవుతుంది. పని గుర్తు చేయాల్సింది దాని ముందున్న పనే, ఫోను కాదు. చేస్తాలే అనుకుని ముందే ‘అవును’ నొక్కేసే దురలవాటుకి కూడా ఇదే మందు.

తర్వాతి గడి ఫ్రీక్వెన్సీ, అంటే ఎన్ని రోజులకి ఎన్నిసార్లు చేయాలన్నది. ఇక్కడ అత్యాశ దెబ్బ తీస్తుంది. రోజూ అని పెట్టి వారానికి నాలుగు రోజులు చేస్తే, ఎన్ని నెలలు చేసినా స్కోరు 57 అటూ ఇటూ ఊగుతుంది తప్ప పైకి పోదు. మనిషి బానే చేస్తున్నాడు, అంకె మాత్రం ఫెయిలైనట్టు చూపిస్తుంది. అదే పనిని వారానికి నాలుగు సార్లు అని పెడితే స్కోరు వంద వైపు నడుస్తుంది, మధ్యలో చేయని రోజులు లేత రంగులో పడి లెక్క చెడదు. కాకపోతే అరుదైన అలవాట్లకు స్కోరు నెమ్మదిగా కదులుతుంది. వారానికి ఒకసారి చేసే పనికి సగానికి చేరడానికే ఐదు వారాల దాకా పడుతుంది. కంగారు పడి మార్చేయకండి.

అవును, కాదు కాకుండా అంకెలతో కొలిచే రకం కూడా ఉంది: పేజీలు, నిమిషాలు, ఎన్నిసార్లు. లక్ష్యం పెట్టేటప్పుడు మంచి రోజున చేయగలిగినంత కాదు, చెడ్డ రోజున కూడా చేయగలిగినంత పెట్టండి. రోజుకి 30 పేజీలు చదవగలిగే మనిషి 4 పెట్టాలి. ఎక్కువ చదివితే చదివినంతా అంకెలో రాసుకోవచ్చు, ఎవరూ కాదనరు.

ఎన్ని పెట్టాలి? రెండు. మూడోది, మొదటి రెండూ 60 శాతం దాటాక. రోజూ చేసే పనికైతే అది సుమారు 17 రోజుల మాట. పది పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. స్క్రీన్ అంతా ఖాళీ గడులే, ఒక్కో గడీ ఒక్కో చురక.

పనికిరాని పద్దులు రెండు రకాలు తరచూ కనిపిస్తాయి. ఒకటి ఫలితాన్ని అలవాటుగా రాయడం. ‘బరువు తగ్గడం’ అన్నదానికి ఈ రోజు టిక్కు ఎలా పెడతారు? రెండోది నిషేధం. ‘ఫోన్ చూడకూడదు’ అని రాస్తే ఎంత చూస్తే తప్పయిందో మీకే తెలియదు. దాన్ని చేసే పనిగా తిప్పి రాయాలి: ‘పడుకునే ముందు ఫోన్ పక్క గదిలో ఛార్జింగ్‌కి పెట్టానా?’ ఇంకొకటుంది, ఆదివారం కూర్చుని వారం మొత్తానికి టిక్కులు పెట్టడం. గుర్తున్నవి పెడతారు, గుర్తులేనివి దయతలచి పెడతారు. నిన్నటికి మించి వెనక్కి పోకూడదని నియమం పెట్టుకుంటే మంచిది.

సెట్టింగ్స్‌లో మొదటిరోజే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. రాత్రి ఆలస్యంగా పడుకునేవాళ్లు కొత్త రోజు తెల్లవారుజామున 3 గంటలకి మొదలయ్యేలా మార్చుకోవాలి. లేకపోతే 12:20కి చేసిన పని రేపటి ఖాతాలో పడుతుంది. ‘స్కిప్’ సౌకర్యం ఆన్ చేస్తే జ్వరం వచ్చిన రోజునో ప్రయాణం రోజునో స్కోరు కదలకుండా దాటేయొచ్చు. అయితే చాలామంది దీన్ని చీటికీమాటికీ వాడేస్తారు. ఏ సందర్భాల్లో స్కిప్ వాడాలో ముందే రాసి పెట్టుకోండి, ఆ జాబితాలో ‘ఓపిక లేదు’ ఉండకూడదు. ప్రతి రోజు గడికీ చిన్న నోట్ జోడించే వీలుంది. తప్పిన రోజున కారణం నాలుగు మాటల్లో రాయండి. నెల తిరిగేసరికి ఒకే కారణం ఐదారు సార్లు కనిపిస్తే మార్చాల్సింది మీ పట్టుదలని కాదు, ఆ పని చేసే వేళని.

లోపాలకు వస్తే, రిమైండర్లు మోగడం లేదన్న ఫిర్యాదు ఎక్కువ. తప్పు చాలావరకు యాప్‌ది కాదు. బ్యాటరీ ఆదా పేరుతో కొన్ని కంపెనీల ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లని ఆపేస్తాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి, లూప్ తెరిచి, బ్యాటరీ దగ్గర ఆంక్షలు తీసేయాలి. నోటిఫికేషన్ అనుమతి ఉందో లేదో చూసుకుని, ఐదు నిమిషాల తర్వాతికి ఒక రిమైండర్ పెట్టి స్క్రీన్ ఆపేసి పరీక్షించండి. రెండో లోపం నిజంగా యాప్‌దే: ఖాతా లేదు కాబట్టి సింక్ (వేరే ఫోన్‌తో దానంతట అదే కలుపుకోవడం) కూడా లేదు. ఫోన్ పోతే చరిత్రంతా పోయినట్టే. నెలకోసారి ఫుల్ బ్యాకప్ ఎగుమతి చేసి ఆ ఫైల్‌ని ఫోన్ బయట దాచుకోవాలి. సీఎస్‌వీ అనే పట్టిక ఫైల్‌గా ఎగుమతి కూడా ఉంది కానీ అది స్ప్రెడ్‌షీట్‌లో చూసుకోవడానికే పనికొస్తుంది.

ఇదే పనికి హ్యాబిటికా అనే ఆట లాంటి యాప్ పేరు తరచూ వినిపిస్తుంది. అందులో రోజువారీ పని తప్పితే మీ పాత్రకి ప్రాణశక్తి తగ్గుతుంది. జట్టుగా రాక్షసుడితో పోరాడుతుంటే మీరు తప్పినందుకు జట్టు మొత్తానికీ దెబ్బ తగులుతుంది. హుషారుగా ఉన్నవాళ్లకు సరదాగానే ఉంటుంది. ఇప్పటికే తనని తాను తిట్టుకుంటున్న మనిషికి ఇంకో తిట్టు చేర్చే యాప్ ఎందుకో మాకు అర్థం కాదు. గళ్ల కాగితం, పెన్సిలు కూడా లూప్ పనిలో ముప్పాతిక చేస్తాయి. చేయలేనిది స్కోరు లెక్క ఒక్కటే.

ఇక లూప్‌కి చేతకానిది ఒకటి ఉంది, అదీ చిన్నదేం కాదు. బతుకు ఆగిపోయినట్టు అనిపించడానికి చాలాసార్లు కారణం అలవాట్లు కావు, వాయిదా పడుతున్న ఒక నిర్ణయం. ఉద్యోగం మారాలా, చదువు కొనసాగించాలా, ఈ బంధంలో ఉండాలా. దానికి రోజువారీ గడి లేదు. ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్ తేల్చుకోలేకపోతున్నవాళ్ల చేత ఇంటర్నెట్‌లో నాణెం ఎగరేయించాడు. 20,000కి పైగా నాణేలు ఎగిరాయి. 2021లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం, పెద్ద నిర్ణయాల్లో మార్పు వైపు వెళ్లినవాళ్లు ఆరు నెలల తర్వాత మార్పు చేయనివాళ్లకంటే ఎక్కువ సంతోషంగా ఉన్నామని చెప్పారు. అందరికీ అది వర్తిస్తుందని కాదు. నిజంగా ఎటూ తేలనివాళ్ల సంగతి అది. యాప్‌లో దీన్ని ఇరికించాలంటే ఒక దారి ఉంది: వారానికి రెండుసార్లు అని ‘అవును, కాదు’ రకం అలవాటు ఒకటి పెట్టి, ప్రశ్న గడిలో ‘ఆ విషయంలో ఒక మనిషితో మాట్లాడానా, లేదా ఒక కాగితం కదిపానా?’ అని రాయండి. ఆలోచించడం లెక్కలోకి రాదు.

రెండు వారాలకు పైగా ఏ పని మీదా ఆసక్తి లేక, నిద్ర చెడి, ఎప్పుడూ దిగులుగా ఉంటే మాత్రం సమస్య క్రమశిక్షణది కాకపోవచ్చు. డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రంలో 27కి 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే డాక్టర్ని కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మార్కులతో పనిలేదు, వెంటనే కలవాలి. ఆ స్థితిలో ఏ ట్రాకరూ వేసుకోమని మేం చెప్పం.

చివరగా ఒక చిన్న సెట్టింగ్. స్కోరు 95 దాటి ఇంకో నెల గడిచిన అలవాటుని జాబితాలోంచి తీసేయాలి. ‘డిలీట్’ నొక్కితే చరిత్రంతా చెరిగిపోతుంది కాబట్టి ‘ఆర్కైవ్’ నొక్కండి. తీసేసిన మూడు వారాల తర్వాత కూడా ఆ పని దానంతట అదే జరుగుతోందా లేదా చూసుకోండి. జరగకపోతే ఆర్కైవ్‌లోంచి బయటికి తెచ్చి, ఈసారి ప్రశ్నని తిరగరాసి పెట్టండి.