నేలపట్టు, పులికాట్ పక్షుల యాత్ర: నీళ్లు చూసుకుని తేదీ పెట్టుకోండి

నేలపట్టుకు పోయొచ్చి "ఏముందక్కడ, నాలుగు కొంగలు" అని పెదవి విరిచేవాళ్లు తిరుపతిలో చాలామందే ఉన్నారు. వాళ్లు చెప్పేది అబద్ధమేం కాదు. ఏ ఏప్రిల్‌లోనో, ఎండ నెత్తిమీదికొచ్చాకో పోయుంటారు.

ఈ యాత్రలో చూడాల్సినవి రెండు నీళ్లు. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువు ఒకటి, సూళ్లూరుపేట దాటాక పులికాట్ సరస్సు రెండోది. 2022లో జిల్లాలు విడిపోయాక నేలపట్టూ, పులికాట్‌లో ఆంధ్ర వైపు భాగమూ తిరుపతి జిల్లాలోకే వచ్చాయి. చెరువు నిండితే బాగుంటుంది, సరస్సులో నీళ్లు కాస్త తీస్తే బాగుంటుంది. చిక్కంతా ఇక్కడే.

నేలపట్టును 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు, విస్తీర్ణం 458.92 హెక్టార్లు. చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు పెడతాయి. ఈశాన్య రుతుపవనాల వానకు చెరువు నిండి, చెట్ల మొదళ్లు నీటిలో మునిగితేనే వాటికి ధైర్యం. చుట్టూ నీళ్లుంటే పిల్లులూ నక్కలూ గూటి దాకా రాలేవు. వాన ముఖం చాటేసిన ఏడు గూళ్లు బాగా తగ్గిపోతాయి. గుడ్డు పొదగడానికి నెల పడుతుంది, పిల్ల ఎగరడానికి ఇంకో మూడు నెలలు పైనే. అందుకే డిసెంబరు, జనవరిల్లో పోతే గూళ్ల నిండా పిల్లలుంటాయి. చేపలు తెచ్చిన తల్లి నోరు తెరవగానే, పిల్ల తలతో సహా మెడంతా తల్లి ముక్కు కింది సంచిలోకి దూర్చేస్తుంది. కొత్తగా చూసేవాళ్లకు తల్లి పిల్లను మింగేస్తోందనే అనిపిస్తుంది!

పులికాట్‌లో కనిపించే ఫ్లెమింగోల (పొడుగు కాళ్ల గులాబీ పక్షులు) లెక్క వేరు. అవి నీటిలో నడుస్తూ, ముక్కు తలకిందులు చేసి బురదనీళ్లు వడకట్టుకుని తింటాయి. వానలకు సరస్సు పొంగి ఉన్నప్పుడు కాళ్లకు నేల అందే చోట్లు తక్కువ, గుంపులు దూరంగా చెదిరిపోతాయి. నీళ్లు తీసేకొద్దీ సరస్సు మీదుగా పోయే శ్రీహరికోట రోడ్డుకు దగ్గరగా కూడా మేస్తాయి. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి దాకా వాటికి మంచి కాలం. రెండూ ఒకే రోజు కావాలంటే జనవరి మూడు, నాలుగు వారాలు చూసుకోండి. అదే నెలలో జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో మాత్రం వద్దు. సందడికీ స్టాళ్లకూ అయితే బ్రహ్మాండం, పక్షులు చూడటానికి కాదు.

ఇక గైడు యాత్రల సంగతి. నలభై సీట్ల బస్సుకు ఒక్క గైడు అంటే డబ్బు దండగ. వెనక వరుసలో నిలబడినవాళ్లకు ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి, మాట వినబడదు, దాంతో కబుర్లు మొదలవుతాయి. పన్నెండు మందికి ఒక గైడు, టెంపో ట్రావెలర్, ట్రైపాడ్ మీద స్కోపు (దూరాన్ని దగ్గర చేసి చూపే దుర్భిణి): ఈ మూడూ ఉంటేనే ఒప్పుకోండి. స్కోపు లేని పులికాట్ యాత్ర గులాబీ చుక్కలు చూసి రావడమే. నేలపట్టుకు ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే 8×42 బైనాక్యులర్స్ చాలు. డబ్బు కట్టేముందు ఇంకోటి అడగండి: ఈ వారం చెరువులో నీళ్లెంత ఉన్నాయి? దీనికి జవాబు తెలియని నిర్వాహకుడు ఈమధ్య అటువైపు పోలేదన్నమాట. ప్రవేశ రుసుము, టోల్, టిఫిన్ ప్యాకేజీలో కలిపారా లేదా ముందే తేల్చుకోకపోతే దారిలో గొడవే.

పక్షులు దగ్గరికొస్తాయని చప్పట్లు కొట్టించే గైడును అక్కడే ఆపండి. పెద్దవి బెదిరి లేచిన కాసేపట్లో కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి, ఈకలు రాని పిల్లలు ఎండకు మాడతాయి. ఎర్రచొక్కాలు, సెంట్లు, స్పీకర్లు ఇంట్లోనే పెట్టండి.

తెల్లవారుజామున నాలుగున్నరకు తిరుపతిలో బయల్దేరి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా పోతే వెలుగు వచ్చేసరికి నేలపట్టులో ఉంటారు. తొమ్మిదిన్నర దాకా అక్కడే ఉండండి. వాచ్‌టవర్ ఎక్కి ఫొటో తీసుకుని దిగిపోవద్దు, ఒకే చెట్టు మీద అరగంట దృష్టి పెట్టండి. బస్సులో వచ్చేవాళ్లకు నేలపట్టు మలుపు దగ్గర ఎక్స్‌ప్రెస్‌లు ఆగుతాయన్న భరోసా లేదు. నాయుడుపేటలోనో సూళ్లూరుపేటలోనో దిగి, రానూపోనూ ఆటో మాట్లాడుకోండి. వెయిటింగ్ కూడా కలిపే బేరం చేయండి.

మధ్యాహ్నం సూళ్లూరుపేటలో భోంచేసి, ఎండ కాస్త వాలాక శ్రీహరికోట రోడ్డెక్కాలి. నడినెత్తి ఎండలో సరస్సు మీద గాలి అలలాడుతుంది, ఎంత మంచి స్కోపులోనైనా పక్షి కరిగిపోయినట్టే ఉంటుంది. రోడ్డు తూర్పుకు సాగుతుంది కాబట్టి సాయంత్రం పోయేటప్పుడు సూర్యుడు వెనక ఉంటాడు, రంగులు తేటగా కనిపిస్తాయి. పొద్దున పోయేవాళ్లు ముందు చివరిదాకా పోయి, తిరుగుదారిలో చూసుకోవాలి. ముక్కు గులాబీగా ఉండి కొసన నలుపుంటే పెద్ద ఫ్లెమింగో, ముక్కంతా ముదురు ఎరుపైతే చిన్న రకం. ఇక్కడ ఎక్కువగా కనిపించేది పెద్దదే. నీళ్లు తీసిన బురదలో గుండ్రటి వలయాలు కనిపిస్తే అవి వాటి కాళ్ల పనే: ఒకేచోట చుట్టూ తిరుగుతూ బురద తొక్కి మేత లేపుతాయి.

ఈ రోడ్డు మీద నీడ ఉండదు, టాయిలెట్లూ ఉండవు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాల్సిందే. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) బస్సులు వేగంగా వస్తాయి, బండి పూర్తిగా పక్కకు దించి ఆపండి. డ్రోన్ ఊసే ఎత్తొద్దు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజైతే యాత్ర వాయిదా వేయడమే మేలు. రోడ్డు మీద కట్టడి, లాడ్జీల్లో గదులు గగనం.

బస విషయానికొస్తే సూళ్లూరుపేట లాడ్జీలు సాదాసీదా. దోమల మందు, దుప్పటి మీరే తీసుకెళ్లండి. చిన్నపిల్లలుంటే తిరుపతిలోనే పడుకుని తెల్లారి బయల్దేరడం నయం. చెన్నై లోకల్ రైళ్లు సూళ్లూరుపేట దాకా వస్తాయి కాబట్టి అటునుంచి వచ్చే బంధువులను అక్కడే కలుపుకోవచ్చు.

ఇంకో సగం రోజు చేతిలో ఉంటే తడ దగ్గర భీములవారిపాలెంలో పడవ ఎక్కొచ్చు. సరస్సు లోతు చాలాచోట్ల మనిషెత్తు కూడా ఉండదు. సముద్రపు ముఖద్వారాల్లో ఇసుక మేటలు వేసి ఉప్పునీరు సరిగా రానప్పుడు ఇంకా తగ్గుతుంది. మార్చిలో పడవ బురదలో కూరుకుంటే దిగి నెట్టాల్సిన వంతు వస్తుంది. టికెట్ తీసుకునేముందు రేవులో పడవవాళ్లను లోతు అడగండి, లైఫ్ జాకెట్ బకిల్ పనిచేస్తోందో లేదో చేత్తో లాగి చూసుకోండి.